చర్చి ముందు బోరింగు

తుప్పు పట్టిన గేటు తీసినప్పుడల్లా అరచేతికి అంటుకునే ఇనుము వాసన నన్ను మా పల్లెలో చర్చి ముందున్న బోరింగు దగ్గరికి లాక్కుపోతుంది.

నా చిన్నప్పుడు ఒక కరువేడు ఓట్లడగడానికి వచ్చిన నాయకుడు చర్చికి రంగు వేయిస్తానన్నాడు.

"రంగెందుకప్పా, ఈడ బోరింగు వేయించు," అన్నాడు నాయన.

బోరు వేయించాడు, నీళ్లు పడ్డాయి. అంతకుముందు ఊరిబావి దగ్గర మేము దూరంగా నిలబడితే, పెద్దకులాల ఆడవాళ్లు పోస్తేనే మాకు నీళ్లు. మా వాడకే రాని ఆ ఆడవాళ్లు, ఊరిబావి ఎండిపోయేసరికి, ఇప్పుడు బిందెలతో చర్చి ముందుకొచ్చారు. అందరూ బాప్తిస్మం తీసుకోవడానికే వచ్చారనుకుని, ఆ సంగతి చెప్పడానికి నాయన దగ్గరికి పరుగెత్తాను.

నాయన నవ్వాడు. "నీళ్లకొచ్చినార్లేమ్మా. మీయమ్మ ఎనకాల వరసలో నిలబడుకోనుండారు, సూడు."

నాయన ఓటుకు బదులు నిజానికి ఏమడిగాడో నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆలోపే ఆ బోరింగు పిడి అందరి చేతులూ పడి నున్నగా అరిగిపోయింది.