పోశం చెప్పిన సినిమా

గోదావరిఖనిలో సినిమా మంచిదో కాదో శుక్రవారం తేలదు. సోమవారం పొద్దున తేలుతుంది. ఆదివారం టాకీసుకు పోయి వచ్చినవాళ్ళంతా, ఫస్ట్ షిఫ్టుకు బొగ్గుబాయిలోకి దిగే ముందు, గేటు ఎదురుగా ఉన్న లింగమూర్తి హోటల్లో చాయ తాగుతూ తీర్పులిస్తారు. చాయలో చక్కెర తక్కువైతే ఊరుకుంటారు గానీ, హీరో దెబ్బలు తిని పడి ఉన్నప్పుడు పాట పెట్టిన డైరెక్టరును మాత్రం వదలరు.

ఆ తీర్పుల్లో ఆఖరి మాట పోశానిది. ఆయన "దండుగ" అన్నాడంటే ఆ సినిమా గోదావరి దాటి మంచిర్యాలకు పోయి బతకవలసిందే. "ఒకపాలి చూడొచ్చు" అన్నాడంటే మరుసటి ఆదివారం కాలనీకి కాలనీ తాళాలు వేసుకుని బయలుదేరేది. ఒకసారి ఆయన కథ చెబుతుండగా షిఫ్టు సైరన్ కూసినా ఎవరూ లేవలేదనీ, మేనేజరే గేటు దాకా వచ్చి, తిట్టడం మరిచిపోయి, "ఇంతకూ ఆ పిల్ల దొరికిందా?" అని అడిగి పోయాడనీ చెప్పుకుంటారు. చెప్పుకునేవాళ్ళలో పోశమే ఎక్కువ.

బాయిలో ఆయన పని టింబర్‌మన్. పైకప్పు కూలకుండా గుంజలు నిలబెట్టడం, బోల్టులు బిగించడం. బొగ్గు పేల్చిన జాగలోకి మనుషులు పోయే ముందు ఇనుపకడ్డీతో కప్పును కొట్టి వినాలి. గట్టి బండ ఖంగుమంటుంది. పై పొర నుంచి విడిపోయి వేలాడుతున్న బండ ఖాళీ డబ్బాలా బోలుగా పలుకుతుంది. షిఫ్టు మీద పెద్ద అయిన సర్దార్ వచ్చి పరీక్ష చేసి పోయినా, పోశం కడ్డీ ఎత్తి, కొట్టి, తల వంచి విని, "పానమున్నది" అంటేనే మనుషులు కదిలేవారు. ఇన్నేళ్ళలో ఆ మాట ఒక్కసారీ తప్పలేదు. ఆయన్ను అందరూ చెవి పోశం అనేవారు. ఇంటికి వచ్చిన శుభలేఖల మీద కూడా అదే పేరు ఉండేది.

ఆ చెవి పోయి ఏడాది దాటింది.

అన్నేళ్ళు డ్రిల్లింగ్ మిషన్ల మోతలో నిలబడితే చెవి ఒక్కసారిగా పోదు, కొంచెం కొంచెంగా అరుగుతుంది. మొదట పిట్టలు అరవడం మానేశాయి. తర్వాత ఐలవ్వ మాటలు దూరమయ్యాయి. పెండ్లాం మాట వినబడకపోవడం దేవుడు చేసిన మేలేనని ఆయన కొన్నాళ్ళు మురిసిపోయాడు కూడా. చాయ గ్లాసు బల్ల మీద పెట్టినా చప్పుడు రాని రోజున మాత్రం ఆయన గ్లాసు ఎత్తి మళ్ళీ మళ్ళీ పెట్టి చూశాడు.

మెల్లగా పెదవులు చూసి మాట పట్టడం అలవాటైంది. బాయిలో ఎదుటివాడి టోపీదీపం కళ్ళలో పడితే మొహం కనబడదు గనుక, "దీపం కిందికి వంచి మాట్లాడుండ్రి, కండ్లు గుంజుతున్నయ్" అనేవాడు. కప్పును కుడిచేత్తో కొట్టి, ఎడమ అరచేతిని బండకు ఆనించి అదురు పట్టేవాడు. కప్పు చేతికి అందని చోట కడ్డీలోంచి దిగివచ్చే వణుకే దిక్కు. సర్దార్‌కు చెబితే డాక్టర్ల దగ్గరికి పంపుతారు. వాళ్ళు చూసి పైకి తెస్తారు. ల్యాంపు రూములో కూర్చుని, లోపలికి పోయేవాళ్ళకు దీపాలు అందించాలి. రేపు చెబుదాం అనుకునేవాడు. రేపు కప్పు గట్టిగానే ఉండేది. ఇంకో రేపటికి వాయిదా పడేది.

సినిమాలకు మాత్రం ఆయనకు ఐలవ్వ ఉంది. ఇద్దరూ కలిసే పోయేవారు. ఇంటికి వచ్చాక ఆమె లైటు కింద ఎదురుగా కూర్చుని, చేతులు తిప్పుతూ, ఎవరు ఎవరితో ఏమన్నారో ఒక్క మాట పోకుండా చెప్పేది. మధ్యమధ్య తన తీర్పులూ కలిపేది.

"ఇంట్ల బియ్యం లేవని ఏడుస్తది ఆ తల్లి. కట్టుకున్నదేమో పట్టుచీర. గా చీర అమ్మితే ఏడాది తినొచ్చుగాదయ్యా?"

సోమవారం ఆ మాట పోశం నోట్లోంచి వచ్చేది. హోటల్ అంతా బల్లలు చరిచేది. ఐలవ్వకు దాని మీద హక్కు అడగాలని ఎన్నడూ తోచలేదు.

ఆ ఆదివారం ఐలవ్వ కాసిపేటలో చెల్లెలికి బాగాలేదని పోయింది. పోశం ఒక్కడే టాకీసుకు పోయాడు. పోకపోయినా నడిచేది. కానీ సోమవారం హోటల్లో ఉత్త నోటితో కూర్చోవడం ఎట్లా?

తెల్లవారి లింగమూర్తి గ్లాసు చేతికి ఇవ్వకముందే కొమురెల్లి జరిగి జాగా ఇచ్చాడు. కొమురెల్లి బొగ్గెత్తే మిషన్ నడుపుతాడు. ముప్పై దాటని మనిషి, పోశం ఉండే లైన్లోనే క్వార్టర్. పోశం చెప్పే కథలకు అందరికంటే ముందు నవ్వేది అతనే.

"కాకా, ముసలాయన సిన్మ చూసినవట గద. పోవాల్నా వద్దా? ఇంట్ల మా రాజకుమారి పానం తీస్తాంది."

"పో. గానీ కడుపునిండ తిని పో" అన్నాడు పోశం.

"ఎందుకు?"

"అండ్ల ఒక సీనున్నది. ముసలాయన ఒక్కడే కూసొని అన్నం తింటడు. పక్కకు ఎవ్వలు లేరు. ముద్ద కలుపుతడు, తింటడు. మల్ల కలుపుతడు, తింటడు. ఎంత నిమ్మళం అనుకున్నవ్! గంత నిమ్మళంగ తినెటోన్ని నేను ఏ సిన్మల చూడలే. టాకీసంత ఊపిరి వట్టుకొని చూసింది."

"తినుడు చూసి ఊపిరి వట్టుకున్నరా?" లింగమూర్తి పొయ్యి దగ్గరినుంచి అడిగాడు. "నా హోటల్ల తింటాంటె ఎవడు వట్టుకోడేంది?"

"నీ పూరీ తిన్నంక పట్టుకోవాల్సింది ముక్కు" అన్నాడు కొమురెల్లి.

నవ్వులు ఆగాక సదానందం గ్లాసు కింద పెట్టాడు. పోశం జతగాడు అతను, తనూ టింబర్‌మనే. కడ్డీ పట్టడం, బండ పలుకు పోల్చుకోవడం పోశం దగ్గరే నేర్చుకున్నాడు. అతనూ పెండ్లాం జమునను తీసుకుని అదే సినిమాకు, తర్వాతి ఆటకు పోయాడు.

"అన్నా, ఆయన నిమ్మళంగ తింటలేడు గద. తలుపు కొడుతాండ్రు."

"ఎవలు?"

"కొడుకు. బయట ఆన్ని చంపుతందుకు తరుముకొచ్చిండ్రు. సీనంత తలుపు సప్పుడే. ముసలోడు వినుకుంటనే తింటడు, తియ్యడు. గందుకే టాకీసు ఊపిరి వట్టుకున్నది. జమున నా చెయ్యి గిచ్చితే ఇగో, మచ్చ ఇంక పోలే."

పోశం మొహంలో నవ్వు ఒక్క క్షణం ఎటు పోవాలో తెలియక నిలబడింది.

"తలుపు సప్పుడు నీ అసొంటోనికి. నేను అండ్ల లోతు చెప్తాన" అన్నాడు.

"నాకైతే కాక చూసిన సిన్మనే మంచిగ అనిపిస్తాంది. అది ఏ టాకీసుల ఆడుతాందో చెప్తె రాజకుమారిని గాడికే తీస్కపోత" అన్నాడు కొమురెల్లి. హోటల్ మళ్ళీ నవ్వింది. సదానందం నవ్వలేదు. అతను పోశం మొహం వంక కాదు, మొహం పక్కకు చూస్తున్నాడు. పోశం రుమాలు తలకు చుట్టి, చెవుల మీదికి లాక్కున్నాడు.

ఆ పొద్దు వాళ్ళు పని చేయవలసిన జాగ బాయిలో చాలా లోపల ఉంది. రాత్రి పేల్చిన బొగ్గు కుప్పగా పడి ఉంది. కప్పు ఎత్తు, చేతికి అందదు. సర్దార్ చూసి పక్క జాగకు పోయాడు. కొమురెల్లి మిషన్ దగ్గర నిలబడి ఎప్పటిలాగే పోశం నోటి మాట కోసం చూస్తున్నాడు.

పోశం కడ్డీ ఎత్తి కొట్టాడు. చేతికి వణుకు తెలిసింది. అది బండ వణుకో, పొద్దుటినుంచి తన చేతిలో ఉన్న వణుకో తేలలేదు. మళ్ళీ కొట్టాడు. అలవాటు ప్రకారం తల వంచి విన్నట్టు నిలబడ్డాడు. ఎదురుగా నాలుగు దీపాలు ఆయన మీదే ఉన్నాయి.

"పానమున్నది. కానియ్యిండ్రి" అన్నాడు.

సదానందం ఆయన ముందుకు వచ్చి నిలబడ్డాడు. తన దీపం ఆర్పాడు. చెయ్యి చాచి పోశం దీపం కూడా ఆర్పాడు. తక్కిన దీపాల వెలుగు అతని వీపు మీదే ఆగింది, మొహం చీకటైంది. ఆ చీకట్లో పోశానికి సదానందం ఊపిరి మాత్రం చెంపకు వెచ్చగా తగిలింది. ఏదో అడిగాడు. అడిగి ఆగాడు. జవాబు కోసం చూస్తున్నాడు.

"ఆఁ... గట్లనే" అన్నాడు పోశం.

దీపం వెలిగింది. సదానందం దాన్ని తన మొహం మీదికే తిప్పుకున్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి, పెదవులు మెల్లగా కదిలాయి.

"ఈ కప్పు కింద అందరం సచ్చిపోదమా అన్న అని అడిగిన. గట్లనే అన్నవ్."

పోశానికి మొదట కోపం వచ్చింది. "నీకు కడ్డీ వట్టుడు నేర్పింది ఎవడ్రా? నన్ను పరీచ్ఛ వెడ్తవా?"

సదానందం వెనక్కి తిరిగి, "కొమురెల్లీ, ఆగు. బోలుగ పలుకుతాంది కప్పు" అన్నాడు.

కొమురెల్లి మిషన్ ఎక్కుతూ నవ్వాడు. "సదన్నా, నీ చెవులల్ల ఇంక సిన్మ తలుపే మోగుతాంది. చెవి పోశం పానమున్నదంటె ఉన్నట్టే. జల్ది కానీ, బొగ్గు టబ్బులు ఎదురుచూస్తున్నయ్."

తక్కిన ఇద్దరు పనివాళ్ళూ కదిలారు. వాళ్ళూ సదానందం మాట విన్నవాళ్ళే. ఒక పక్క బండ బోలుగా పలికిందని ఒకడు అంటున్నాడు. ఇంకో పక్క చెవి పోశం ఉన్నాడు. వాళ్ళకు అందులో ఆలోచించవలసింది ఏమీ కనిపించలేదు. ఈ బాయిలో ఎవరికీ కనిపించేది కాదు.

పోశానికి వాళ్ళ మాటలు అందలేదు. మిషన్ దీపం కదలడం మాత్రం చూశాడు. కొమురెల్లి కూర్చున్న సీటు మెల్లగా ఆ కప్పు కిందికి వస్తోంది. కాళ్ళు తమంతట తామే పరుగెత్తాయి. ఎదురుగా పోయి రెండు చేతులూ చాచి నిలబడ్డాడు.

"దిగు! నాకు వినవడతలేదు!"

తన గొంతు తనకే వినబడదు గనుక, అరిచాడో గొణిగాడో ఆయనకు తెలియలేదు. అందుకే మళ్ళీ అన్నాడు. మళ్ళీ అన్నాడు. మిషన్ ఆగిందనీ, అందరూ దిగారనీ గమనించకుండా, "నాకు వినవడతలేదు, నాకు వినవడతలేదు" అంటూనే ఉన్నాడు. సదానందం వెనకనుంచి వచ్చి భుజాలు పట్టుకున్నాక గానీ నోరు ఆగలేదు.

సర్దార్‌ను పిలిచారు. దూరంగా నిలబడి పొడవాటి గడ్డపారలతో కప్పును పొడిచారు. మూడో పోటుకు మంచమంత బండ ఊడిపడింది. ఆ పడడం పోశానికి అరికాళ్ళలో తెలిసింది. సర్దార్ పోశాన్నీ సదానందాన్నీ పక్కకు పిలిచి మాట్లాడాడు. పోశం ఇప్పుడే పైకి పోవాలని, తెల్లవారి దవాఖానకు పోవాలని సర్దార్ అన్న మాటను సదానందం చెప్పాడు, దీపం కిందికి వంచి.

పోయే ముందు కొమురెల్లి వచ్చాడు. బండను చూసి వచ్చాడు. అతనూ దీపం వంచాడు.

"ఎప్పటిసంది కాకా?"

"పోయిన ఎండకాలం సంది."

కొమురెల్లి లోలోపల తాము పని చేసిన జాగలు లెక్కపెట్టుకుంటున్నాడని పోశానికి అర్థమైంది.

"దసరా ముంగట, నీళ్ళు కారిన జాగ... గది గూడ?"

"గది గూడ."

"మా తమ్ముడు బదిలీ వడి వచ్చినప్పుడు, వానితోటి చేసిన జాగ?"

పోశం తల ఊపాడు. కొమురెల్లి తిట్టి ఉంటే బాగుండేది. నోరు తెరిచాడు కూడా. కానీ వంచిన దీపం మళ్ళీ పైకెత్తి వెళ్ళిపోయాడు, ఆ పైన అతని మొహం కనబడలేదు.

పోశం ఇంటికి వచ్చేసరికి ఐలవ్వ కాసిపేటనుంచి వచ్చి ఉంది. గిన్నె ముందు పెట్టి, ఎదురుగా కూర్చుని, చెల్లెలి సంగతి చెప్పింది. తర్వాత, "సిన్మ ఎట్లున్నది? నేను లేకుంట ఏం చెప్పినవ్ ఆళ్ళకు?" అని నవ్వింది.

ఆయన సినిమా సంగతి చెప్పలేదు. బాయి సంగతి చెప్పాడు. బండ ఎంతదో చేతులు చాచి చూపాడు.

ఐలవ్వ గిన్నె పక్కకు జరిపింది.

"బాయిల సదానందం చెప్తాండనుకున్న. సిన్మకు నేను, బాయికి ఆయన."

"ఆయనకు తెల్వదు."

"మరి ఎవల చెవితోటి కొట్టినవ్ ఇన్ని దినాలు?"

 ఆమె లేచి చెప్పులేసుకుని, కొంగు నడుముకు చుట్టుకుని బయటికి పోయింది. ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. సాయంత్రపు ఎండ లైన్ పొడుగునా పడి ఉంది. ఐలవ్వ కొమురెల్లి క్వార్టర్ ముందు ఆగింది. కొమురెల్లి ఇంకా డ్యూటీ బట్టల్లోనే అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఐలవ్వ అతన్ని తల నుంచి కాళ్ళ దాకా చూసింది, భుజం తాకి చూసింది. లోపలినుంచి రాజకుమారి తడిచేతులతో వచ్చింది. ఐలవ్వ ఏదో చెప్పింది. రాజకుమారి ఏదో అడిగింది. ఇద్దరూ ఒకేసారి ఇటు తిరిగి పోశం వైపు చూశారు.

అంత దూరంనుంచి పెదవులు తెలియవు. పోశం అరుగు దిగి, చెప్పులు వెతుక్కోకుండా, వాళ్ళ వైపు నడిచాడు.