పెదనాన్న అడిగిన తాళాలు

ఖాళీ గదిలో లైటు వెలుగుతూ కనిపిస్తే మా పెదనాన్నకి ఒళ్ళు మండిపోతుంది. చర్చిలో పాస్టరుగారు చివరి దీవెన చెబుతూ ఉండగానే ఈయన వెనక వరస నుంచి ఫ్యాన్లు ఆపుకుంటూ వచ్చేస్తారు. కళ్ళు మూసుకున్నవాళ్ళకి మెడ మీద చెమట పట్టిందంటే ఆరాధన ముగిసినట్టే. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, నవ్వుకుంటున్నాను. ఈ అలవాటు ఒక పిల్ల కష్టాన్నంతా మింగేస్తుందని ఎవరైనా చెప్పి ఉంటే అప్పుడూ నవ్వేదాన్నే.

ఆయన హెడ్మాస్టరుగా రిటైరయ్యాక నలుగురితో కలిసి చోడవరంలో ఒక చిన్న డిగ్రీ కాలేజీ పెట్టారు. ఆయనే కరస్పాండెంటు. నేను విశాఖపట్నంలో ఉద్యోగం మానుకుని వచ్చి ఆ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటున్నాను. తమ్ముడి కూతురిని కాబట్టి నేనేమీ అడగకూడదు, నన్ను మాత్రం ఎవరైనా ఏదైనా అడగొచ్చు.

మా విద్యార్థుల్లో చాలామందికి ఇంట్లో కంప్యూటర్ లేదు. దేవరాపల్లి వైపు నుంచి, చీడికాడ వైపు నుంచి బస్సుల్లో, ఆటోల్లో వస్తారు. అందుకని ల్యాబ్‌లో ఒక పెద్ద సర్వర్ పెట్టించి, దాని లోపలే ఒక్కొక్కరికి ఒక్కో కంప్యూటర్ ఉన్నట్టు ఏర్పాటు చేశాను. వర్చువల్ మిషన్లు అంటారు వాటిని. ఒకే ఇంటిని వాటాలు వేసి అద్దెకిచ్చినట్టన్నమాట. ఏ కుర్చీలో కూర్చున్నా సరే, తన పేరూ పాస్‌వర్డూ కొడితే తన వాటా తెరుచుకుంటుంది. నిన్న వదిలిన పని వదిలినట్టే ఉంటుంది.

ఇలాంటి ఇంట్లో అసలు పని తాళాల పంపకం. విద్యార్థి తన మిషన్ని ఆన్ చేసుకోవచ్చు, ఆపుకోవచ్చు, తీసెయ్యడానికి మాత్రం వీల్లేదు. లెక్చరర్లు తమ క్లాసు వాళ్ళవి తెరిచి దిద్దవచ్చు. అన్నీ చెయ్యగలిగే అడ్మినిస్ట్రేటర్ అకౌంటు నాది ఒక్కటే. పెదనాన్నకి కూడా మర్యాదకి ఒక అకౌంటు చేశాను, చూడటానికి మాత్రమే. అన్ని వాటాల్లోకీ కిటికీలోంచి చూడవచ్చు, ఏదీ ముట్టుకోలేరు. నాకైతే అది చాలా గొప్ప ఏర్పాటులాగే కనిపించింది.

ఆయన ఒకరోజు నా కుర్చీ పక్కన కూర్చుని మౌస్ పట్టుకున్నారు.

"ఒసే, ఇదేటే? ఈ బటన్ ఎంత నొక్కినా కదలదు."

"మీకు చూడ్డానికే పర్మిషన్ ఉంది పెదనాన్నా."

"నా కాలేజీలో నేను సూడ్డానికేనా?" అన్నారు. గట్టిగా కూడా అనలేదు. మౌస్ వదిలేసి లేచి వెళ్ళిపోయారు. ఆ వారమంతా నాతో మాట్లాడలేదు. టీ తెచ్చే ఆయా చేత "మేడమ్‌గారిని అడుగు" అని కబురంపేవారు. ఆయన నోట నా గురించి 'మేడమ్‌గారు' అని వినడం కంటే రెండు దెబ్బలు తినడం నయం.

సంగతి ఇంటికొచ్చింది. మా నాన్న అన్నం ముందు కూర్చుని ఎత్తుకున్నారు. "నేను అఆలు దిద్దింది ఆయన దగ్గిరే. అలాటాయనకి అడ్డం సెప్తావేటి? ఇచ్చేయే."

"నాన్నా, ఇది గౌరవం సంగతి కాదు. పని సంగతి."

"గౌరవం లేని పనేటి?"

మా అమ్మ చారు పోస్తూ, "పేరుకేనే. ఆయనేటి ముట్టుకుంటారు" అంది. మర్నాడు పొద్దున్నే పెదనాన్న అకౌంటుకి అడ్మినిస్ట్రేటర్ రోల్ ఇచ్చేశాను. బూడిదరంగులో పడి ఉన్న బటన్లన్నీ వెలిగేసరికి ఆయన మొహం కూడా వెలిగింది. "అద్దీ!" అన్నారు. ఆ పూట టీ నా బల్ల దగ్గరే తాగారు.

ఇప్పుడు ఆ అమ్మాయి గురించి చెప్పాలి. ఆఖరి సంవత్సరం పిల్ల. చీడికాడ దగ్గర పల్లె నుంచి వస్తుంది. ఇంటిల్లిపాదీ చెరకు పండిస్తారు. కోత కోశాక ఫ్యాక్టరీ దగ్గర బళ్ళ వరసలో పడిగాపులు పడటం, ఈలోపల చెరకు ఎండి తూకం తగ్గిపోవడం ఆమె చిన్నప్పటి నుంచి చూసిన బాధ. తన వంతు ఎప్పుడొస్తుందో రైతుకి ఫోన్‌లో ముందే చెప్పే యాప్ ఒకటి కడుతోంది. అది మొత్తం సర్వర్‌లో ఆమె మిషన్లోనే ఉంది, ఇంకెక్కడా లేదు. సోమవారం విశాఖ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళు వస్తున్నారు. ప్రాజెక్టులు చూసి ఉద్యోగాలకు తీసుకుంటారు. అలా ఒక కంపెనీ మా కాలేజీ గడప తొక్కడం అదే మొదలు. ఆ పిల్లకి వస్తుందని నేను రూఢిగా అనుకున్నాను. ఆమె కూడా అనుకుంది, పైకి అనలేదంతే.

మధ్యలో ఒకటి రెండుసార్లు నా దగ్గరికి వచ్చింది. "మేడమ్, పొద్దున్నొచ్చేసరికి నా మిషన్ ఆగిపోయుంటంది."

"కరెంటు పోయుంటుందమ్మా. మళ్ళీ ఆన్ చేసుకో," అన్నాను. మా ఊళ్ళో కరెంటు మీద ఏ నింద వేసినా చెల్లుతుంది. ఆమె అలాగే చేసుకునేది.

శనివారం పొద్దున్న ల్యాబ్ తలుపు తీసేసరికి ఆమె అప్పటికే మెట్ల మీద ఉంది. కూర్చుని పాస్‌వర్డ్ కొట్టి, లేచి నా దగ్గరికి వచ్చింది.

"మేడమ్, నా మిషన్ రాట్లేదు."

మళ్ళీ కరెంటే అనుకుంటూ నా స్క్రీన్ తెరిచాను. ఎడమ పక్కన నంబర్లతో బారుగా ఉండాల్సిన మిషన్లలో పట్టుమని పది లేవు. పేజీ సరిగ్గా రాలేదనుకుని మళ్ళీ తెరిచాను. అంతే ఉంది. ఆ అమ్మాయి నా భుజం మీదుగా వంగి చూస్తోంది.

"కిందున్నాదేమో, జరపండి మేడమ్."

కిందకి జరిపాను. పైకి జరిపాను. జరపడానికి ఏమీ లేదు.

సరిగ్గా అప్పుడు పెదనాన్న వచ్చారు, చేతిలో పేపరు మడత, మొహాన పెళ్ళికళ. "సూసేవా, ఎంత సుబ్బరంగా సర్దేనో! జాగా లేదు జాగా లేదని ఆ సర్వరు ఎర్రగా అరిసేది కదా. నిన్న సెలవు కదా, సాయంత్రం కూకుని ఊడ్సేసేను. ఇప్పుడు సూడు, పచ్చగా ఉంది."

నాకు వెంటనే అర్థం కాలేదు. కాదు, అయింది, తల ఒప్పుకోలేదు. "వేటిని తీసేశారు పెదనాన్నా?"

"ఆగిపోయున్నవి. పాత బేచీ పిల్లలవి కదా అవి? ఎల్లిపోయినోళ్ళవి మనకెందుకు?"

"అవి ఎందుకు ఆగి ఉన్నాయి?"

"నేనే ఆపేను. రోజూ లైట్లాపి ఎల్లేటప్పుడు అవీ ఆపేస్తన్నాను. మనిషి లేకుండా తిరుగుతన్నాయి కదే," అని, ఆ మాట నోట్లో ఉండగానే ఆగిపోయారు. ఆపింది ఆయన. ఆగి ఉన్నాయి కాబట్టి పాతవనుకున్నదీ ఆయనే. అది ఆయనకి అర్థమవుతూ ఉండగా నేను చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది.

"ప్రతిదానికీ నంబరు కొట్టమంది," అన్నారు నెమ్మదిగా. "కళ్ళజోడు పెట్టుకుని కొట్టేను. ఒక్కటి తప్పు పోలేదు."

ఎవరికైనా తొందరలో చెయ్యి జారకుండా, తీసెయ్యబోయే ముందు ఆ మిషన్ నంబరు కొట్టమని సర్వర్ అడుగుతుంది. హెడ్మాస్టరుగారు అన్నిటికీ తప్పు లేకుండా కొట్టారు.

"పర్వాలేదు, కాపీలున్నాయి," అన్నాను. ఆ అమ్మాయికి చెప్పానో నాకు నేనే చెప్పుకున్నానో తెలియదు. స్టోర్ గదిలో ఒక పాత కంప్యూటర్ ఉంది. రోజూ రాత్రి అందరి మిషన్లకీ కాపీలు తీసి దాస్తుంది. నేను పరుగెత్తాను. వెనకే పెదనాన్న, ఆ వెనక ఆ పిల్ల.

గుమ్మంలో పెదనాన్న గొంతు మారిపోయింది. "అదా? దాన్ని రోజూ సాయంత్రం గోడ దగ్గర నేనే ఆపేస్తాను కదే. రాత్రంతా గుయ్‌మంటా ఉంటాదని."

పొద్దున్నే ఆయా అన్ని స్విచ్చులూ వేస్తుంది. నేనొచ్చేసరికి అది నిక్షేపంగా తిరుగుతూ కనిపించేది. రాత్రి పని రాత్రి జరగలేదని ఎలా తెలుస్తుంది? కాపీ పడలేదన్న హెచ్చరికలు కాలేజీ మెయిల్‌కి వెళ్ళాయట. ఆ మెయిల్ చూసేదెవరో నాకు ఈనాటికీ తెలియదు.

దొరికిన ఆఖరి కాపీ వానాకాలం నాటిది, ఆయన దాన్ని ఆపడం మొదలుపెట్టక ముందుది. తెరిచాను. అందులో ఆ అమ్మాయి యాప్ అంటే ఒక తెల్ల పేజీ, దాని మీద రెండు గళ్ళు. ఒకటి పేరుకి, ఒకటి పాస్‌వర్డ్‌కి. లోపలికి వెళ్తే ఇంకేమీ లేదు.

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఆ రెండు గళ్ళవైపూ చూస్తూ, "ఇది మొదటి రోజు సేసేను మేడమ్," అంది.

పెదనాన్న మాత్రం ఇంకా ఆశ వదల్లేదు. "లైటాపితే మళ్ళీ ఏస్తే ఎలుగుద్ది కదా. అలాగే ఏదో ఒకటి..."

"మీరు లైటు ఆపలేదు పెదనాన్నా. గది పడగొట్టేశారు." జన్మలో ఆయనతో అలా మాట్లాడలేదు.

ఆయన స్టోర్ గదిలోని స్టూలు మీద కూర్చున్నారు. తలెత్తి అడిగారు. "నాకెందుకిచ్చేవే ఆ తాళం?"

"మీరడిగారు!"

"నేనడిగితే ఇచ్చేస్తావేటి?"

వారం రోజులు అలిగిన మనిషి, మా నాన్న చేత సిఫార్సు చేయించుకున్న మనిషి అడుగుతున్న మాట ఇది! నాకు కోపం ముంచుకొచ్చింది. కానీ ఆయన దెప్పడం లేదు, నిజంగా అడుగుతున్నారు. బడిలో తెలియని పిల్లవాడు అడిగినట్టు అడుగుతున్నారు. దాంతో కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియకుండా పోయింది.

ఆ పూటే ఆయన అకౌంటు తెరిచి రోల్ మార్చాను, చూడటానికి మాత్రమే అని. ఆయన నా వెనకే నిలబడి ఉన్నారు. "మార్సేవా?" అన్నారు. మార్చానన్నాను. తల ఊపి వెళ్ళిపోయారు. మర్నాడు ఆదివారం చర్చికి రాలేదు. ఆపేవాళ్ళు లేక ఫ్యాన్లు చాలాసేపు తిరిగాయి.

సోమవారం కంపెనీ వాళ్ళు వచ్చారు. మిగతా పిల్లలు ఏవో ఫోటోలు, పెన్‌డ్రైవుల్లో ఉన్న ముక్కలు చూపించి గట్టెక్కారు. ఈ అమ్మాయి చాక్‌పీసు తీసుకుని బోర్డు మీద బళ్ళ వరస గీసి, ఏ రైతు ఫోన్ ఎప్పుడు మోగుతుందో చెప్పుకుంటూ పోయింది. చక్కగా చెప్పింది. వచ్చినవాళ్ళలో ఒకాయన, "నడిచేది చూపించగలవా అమ్మా?" అని అడిగాడు.

ఆమె నోరు తెరిచేలోపే పెదనాన్న లేచారు. లెక్చరర్లు, పిల్లలు, బయటివాళ్ళు అందరూ ఉన్నారు. "నడిసేది ఉండేదండి. ఆ పిల్ల కట్టింది. నేను సెరిపేసేను. తప్పు నాది," అని రెండు చేతులూ జోడించి నిలబడ్డారు. కంపెనీ వాళ్ళకా, ఆ పిల్లకా అని అడిగితే నేను చెప్పలేను. మా పెదనాన్న చేతులు జోడించడం దేవుడి ముందు తప్ప నేనెక్కడా చూడలేదు.

వాళ్ళు మర్యాదగా విన్నారు. సాయంత్రం ముగ్గురి పేర్లు చదివారు. అందులో ఆమె పేరు లేదు.

నేను ఆమెకి కొత్త మిషన్ చేసి ఇచ్చాను. అనకాపల్లిలో ఇంకో కంపెనీ ఎంపికలున్నాయని తెలిసి మళ్ళీ మొదటి నుంచి కట్టడం మొదలుపెట్టింది. కాలేజీ వదిలాక కూడా ఉండిపోయేది. చీడికాడ ఆటో ఆమె వచ్చేదాకా కదలకూడదని పెదనాన్న ఆటో అతనితో మాట్లాడి పెట్టారు. పని అయ్యేదాకా ఆయన ల్యాబ్‌లో ఒక మూల కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటూ కూర్చునేవారు. ఆమె పని గురించి ఒక్క ముక్క అడిగేవారు కాదు. ఆ కుర్చీ అక్కడ ఎందుకో తెలిసి కూడా నాకు ఆయన మీద కోపం పూర్తిగా పోలేదు.

మొన్న సాయంత్రం ఇంటికి బయల్దేరుతూ చూస్తే ల్యాబ్‌లో లైట్లన్నీ వెలుగుతున్నాయి. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. మూల కుర్చీలో పేపరు ఒక్కటే ఉంది. ఆ అమ్మాయి కంప్యూటర్ ముందు కూడా ఎవరూ లేరు. స్క్రీన్ మీద బళ్ళ వరస, సగం రంగు వేసి ఉంది. పెదనాన్న రక్తమే కదా నాదీ, చెయ్యి దానంతట అదే స్విచ్ బోర్డు మీదికి వెళ్ళింది.

"ఉండనీ!" వరండాలోంచి పెదనాన్న అరిచారు. దాదాపు పరుగున వస్తున్నారు, పంచె ఒక చేత్తో ఎత్తి పట్టుకుని. "ఆపకే తల్లీ, ముట్టుకోకు. ఆ గుంట టీకెళ్ళింది. వచ్చేస్తాది."