వదిన, నేను, రెండు బయోడేటాలు

మా వదిన పోయింది. మంచిర్యాల ఆసుపత్రి నుంచి అన్న ఫోన్ చేసినప్పుడు నేను బెల్లంపల్లిలో, నేను పనిచేసే కాలేజీ ఆఫీసులో ఉన్నాను. "వదిన లేదే ఇగ," అన్నాడు. జ్వరమని చేరిన మనిషి. రెండ్రోజుల్లో ఇంటికొస్తుందనే అనుకున్నాం అందరం.

నాకు వెంటనే ఏడుపు రాలేదు. ఆఖరి ఘడియలో ఆమె పక్కన ఎవరున్నారని అడిగాను. తను ఉన్నాడట, ఆమె పనిచేసేదీ ఆ ఆసుపత్రిలోనే కాబట్టి తెలిసిన నర్సులు ఉన్నారట. వాళ్లు ఆమె చెయ్యి పట్టుకున్నారట. ఆ నర్సుల మీద నాకు అసూయ కలిగింది. పోయిన మనిషిని తలుచుకుంటూ ఇలాంటి మాట రాయవచ్చో లేదో తెలియదు. కానీ మా వదినకూ నాకూ మధ్య మొదటి నుంచీ ఉన్నది అదే. దాన్ని పక్కన పెట్టి రాస్తే అది ఆమె గురించి రాసినట్టు కాదు.

ఆమెది వేములవాడ. గుడి దగ్గర వాళ్ల నాయన పూజసామాన్ల కొట్టు నడిపేవాడు. నస్పూర్‌లోని మా ఇంటికి కోడలిగా వచ్చేసరికి ఆమె, నేను ఒకే ఈడు. ఇద్దరం బీకాం. చదువైపోయి నేను ఇంట్లో ఊరికే ఉన్నాను. ఆమె వచ్చిన నెల తిరగకముందే మా బాపు ఛాయ్ ఆమె చేత్తో ఇస్తేనే తాగడం మొదలుపెట్టాడు. గనిలో పనిచేసి రిటైరై దిగిపోయిన మనిషి, ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు. ఆమెతో మాత్రం గనిలో దీపం ఆరిపోయిన రోజు సంగతులు చెప్పేవాడు. అవి అంతకుముందు నేనెప్పుడూ వినలేదు. వంటింటి గడప మీద కూర్చొని, అటు తిరిగి వినేదాన్ని.

కరీంనగర్‌లో ఒక బండ్ల షోరూములో లెక్కలు రాసే పని ఉందని తెలిసి ఇద్దరం పోయాం. అన్నే పంపించాడు, ఇద్దరిలో ఒక్కరికైనా వస్తుందని. బయోడేటాలు మా వీధి చివర ఇంటర్నెట్ సెంటర్లో తీయించుకున్నాం. లోపల ఉన్న పెద్దమనిషి మమ్మల్ని ఒకరి తర్వాత ఒకరిని పిలిచాడు, ఎక్కువసేపు కూర్చోనివ్వలేదు. ఇద్దరికీ లేదన్నాడు.

నేను బయటికొచ్చి మొహానికి చున్నీ అడ్డం పెట్టుకున్నాను. వదిన మాత్రం మెట్ల మీద ఆగిపోయింది.

"నువ్వు గీడ నిలబడు. ఎందుకు వద్దన్నడో అడిగొస్త."

"అడుగుతె ఏమొస్తది వదినా? ఇజ్జత్ పోతది."

"పోయినంక అడుగుతె ఇంకేం పోతది," అని మళ్లీ లోపలికి పోయింది.

తిరిగొచ్చేటప్పుడు ఆమె చేతిలో మా ఇద్దరి కాగితాలూ ఉన్నాయి. బస్సెక్కి కూర్చున్నాక వాటిని ఒళ్లో పక్కపక్కన పెట్టింది. పేర్లు వేరు, ఆమెకు భర్త పేరు, నాకు తండ్రి పేరు. మిగతాదంతా అచ్చం ఒకటే. ఇద్దరి జీవితాశయం ఒకటే. ఇద్దరి సుగుణాలూ ఒకటే. అభిరుచులు: పుస్తకాలు చదవడం, చదరంగం ఆడడం.

"చదరంగం వస్తదా నీకు?"

"రాదు."

"నాకు గూడ రాదు. ఆయన గదే అడిగిండు. ఇద్దరు ఒకలితోని ఒకలు ఆడుకుంటరా అమ్మా, అన్నడు."

ఆమె నవ్వింది. పెద్దపల్లి దాటేవరకు ఆగి ఆగి నవ్వుతూనే ఉంది. నాకు నవ్వు రాలేదు. ఒకే చోట ఒకే అవమానం పడిన మనిషి ఎలా నవ్వగలుగుతుందని ఆమె మీద కోపం వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే అది కోపం కాదు. ఆ నవ్వు నాకు కావాలనిపించింది, అంతే.

ఆ తర్వాత ఆమె ఏ ఉద్యోగానికీ పాత కాగితం పంపలేదు. బట్టల దుకాణానికి పంపినప్పుడు నాయన కొట్లో పండగ రద్దీలో సరుకు ఎలా చూసుకుందో మొదట రాసింది. బడికి పంపినప్పుడు అది కిందికి దించి, పెళ్లికి ముందు చుట్టుపక్కల పిల్లలకు ట్యూషన్ చెప్పిన సంగతి పైకి తెచ్చింది. మనిషి అదే, ముందుకొచ్చే మాట వేరు. రాయడానికి కూర్చునే ముందు ఎప్పుడూ ఒకే ప్రశ్న: "వాళ్లకు ఏం కావాలె?" ఇంటికి చుట్టాలొస్తే కూర వండే ముందు కూడా ఇదే అడిగేది.

"అబద్ధం రాయొద్దు పిల్లా. మనం గొప్పోళ్లమని గూడ రాయొద్దు. మన దాంట్లకెల్లి వాళ్లకు అక్కరకొచ్చేది తీసి ముంగట పెట్టాలె, గంతే."

తీసి పెట్టడానికి ఆమె దగ్గర చాలా ఉంది. అదే నా బాధ. కొట్టు ఉంది, వచ్చీపోయే యాత్రికులు ఉన్నారు, వాళ్లతో మాట్లాడి నేర్చుకున్న హిందీ, మరాఠీ ఉన్నాయి. నా దగ్గర ఏముంది? ఆ ఇంట్లో పుట్టాను, తిన్నాను, చదివాను. కాగితం ముందు కూర్చుంటే పేరు, ఊరు రాశాక కలం ఆగిపోయేది. అప్పుడు ఆమె నా కాగితం తీసుకొని నన్ను ప్రశ్నలడిగి తనే రాసేది. నేను తలూపేదాన్ని.

మంచిర్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో బీమా కాగితాలు చూసే ఉద్యోగం పడింది. వదిన నాకు దాచకుండా చెప్పింది. "నేను గూడ వేస్తున్న. నీది గూడ రాస్త. ఎవలకొస్తె వాళ్లకు." ఇద్దరివీ రాసింది. నాకోసం రాసినదాంట్లో ఒక్క మాట తీసేయడానికి లేదు, అంత బాగుంది.

ఉద్యోగం ఆమెకు వచ్చింది. మహారాష్ట్ర సరిహద్దు నుంచి రోగులు వస్తారు, మరాఠీ వచ్చిన మనిషి కావాలన్నారట. అవ్వ ఇంటింటికీ తిరిగి చెప్పింది. కోడలి గురించి అంత మురిసిపోయిన అత్తను మా వాడలో ఎవరూ చూడలేదు. నేను రెండు పూటలు తినలేదు. వదిన కంచం పట్టుకొని నా దగ్గరికి వచ్చింది.

"నాది సరిగ రాయలే నువ్వు," అన్నాను.

ఆమె కంచం కింద పెట్టింది. కోపం తెచ్చుకోలేదు. "మంచిగనే రాసిన. లోపట నిన్ను ఏమడిగిండ్రు?"

"గందుల రాసిందే అడిగిండ్రు."

"ఏం చెప్పినవ్?"

"గందుల ఉన్నదే అప్పజెప్పిన," అన్నాను. దాని వెనక ఇంకో ప్రశ్న అడిగితే నా దగ్గర జవాబు లేదు.

"గది నా మాట. నీ నోట్లె ఎట్ల నిలుస్తది?" అంది. "ఇగ నీది నేను రాయ."

ఆ మాటకు నాకు మండింది. సాయం చేసి చేసి, తనకు పని దొరకగానే చేతులు దులుపుకుందనుకున్నాను. పొద్దున ఆమె ఇస్త్రీ చీర కట్టుకొని, జడ పైకి ముడిచి, ఆసుపత్రి బిళ్ల మెడలో వేసుకొని ఆటో ఎక్కుతుంటే కిటికీ దగ్గర నిలబడి చూసేదాన్ని. ఆ బిళ్ల మీద ఫొటో కూడా నాకంటే బాగుందనిపించేది.

బెల్లంపల్లి కాలేజీలో ఆఫీసు పని ఉందని ఒకరోజు తెలిసింది. ఆమెకు చెప్పలేదు. పంతం మీద తలుపేసుకొని కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నా ఆమె ప్రశ్నే చెవిలో మోగింది. వాళ్లకు ఏం కావాలె? చదువు రాని తల్లిదండ్రులు వచ్చే కాలేజీ అది. అప్పుడు తోచింది. మా కాలనీలో గని నుంచి దిగిపోయిన పెద్దవాళ్లకు పింఛను దరఖాస్తులు రాసిపెడుతున్నది నేనే. ఇంటర్ నుంచీ రాస్తున్నాను. అది పని అని నాకెప్పుడూ అనిపించలేదు. కాగితం మొదట్లోనే రాశాను: వాళ్లు చెప్పింది విని రాస్తాను, రాసింది వాళ్లకు చదివి వినిపిస్తాను, ఆ తర్వాతే సంతకం పెట్టిస్తాను.

లోపల అడిగింది అదే. నేను ఆగకుండా మాట్లాడాను. వాళ్లే ఆపమన్నారు. పని వచ్చింది.

ఇంటికొచ్చి ఆ కాగితం వదిన ముందు పడేసినట్టే పెట్టాను. ఆమె నిలబడే చదివింది. మళ్లీ మొదటికి పోయి చదివింది. మెచ్చుకుంటుందని చూస్తున్నాను.

"నాకు కుళ్లు పుడుతుంది," అంది.

పరాచకమనుకున్నాను. కాదు.

"చదివి వినిపిస్త అని నాకు తట్టేది కాదు," అంది. తర్వాత కాగితం మడుస్తూ, నా వైపు చూడకుండా, "నీ మీద నాకు ముందుగాల్ల సంది గీ కుళ్లు ఉన్నది. నువ్వు అలిగితె అవ్వ, బాపు, మీ అన్న, అందరు తినలే. కంచం పట్టుకొని నేనే వస్తి. నేను అలిగేదానికి గీ ఇంట్ల జాగ ఏది?"

ఇన్నేళ్లూ నేనొక్కదాన్నే కిటికీ దగ్గర నిలబడి చూస్తున్నాననుకున్నాను. ఆ సాయంత్రం ఇద్దరం కలిసి బయటికి పోయి మిర్చి బజ్జీలు తిన్నాం. అప్పటి నుంచి ఒకరి మీద ఒకరికి కుళ్లు పుట్టినప్పుడు దాచుకోకుండా చెప్పుకునేవాళ్లం. నా కొత్త చెప్పులు చూసి ఆమె, ఆమె పచ్చిపులుసు ఎవరైనా మెచ్చుకుంటే నేను. అక్కాచెల్లెళ్లున్న ఆడపిల్లలకు ఇదంతా మామూలేనేమో. మా ఇద్దరికీ అక్కాచెల్లెళ్లు లేరు.

దినాలు అయిపోయాక ఆమె సామాను తెచ్చుకొమ్మని ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. అన్న పోలేనన్నాడు. నేను పోయాను. ఆమె కూర్చునే చోట అప్పటికే ఒక కొత్తమ్మాయి కూర్చొని ఉంది. వదిన స్వెట్టరు, టిఫిన్ డబ్బా, దువ్వెన ఒక సంచిలో వేసి ఇచ్చింది.

సంచి తీసుకొని లేచేసరికి ఒక ముసలాయన ఫైలు పట్టుకొని వచ్చాడు. ఆదిలాబాద్ అవతలి నుంచి వచ్చినట్టున్నాడు, తలపాగా ఉంది.

"గీడ కూసునే బాయి యాడికి పోయింది?"

కొత్తమ్మాయి నా వైపు చూసింది. నేను ఆయన వైపు చూశాను.

"ఇయ్యాల రాలేదు," అన్నాను.

"నేను చూస్త, ఇవ్వండి తాతా," అని ఆ అమ్మాయి చెయ్యి చాపింది. ఆయన ఫైలు ఇవ్వలేదు.

"ఫికర్ లేదు బిడ్డా. ఆమె వచ్చేదాక కూసుంట," అని గోడ దగ్గర బెంచీ మీద కూర్చున్నాడు. ఫైలు ఒళ్లో పెట్టుకొని, దాని మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు.

ఆయనకు ఇంకా తెలియదు. ఆయన లెక్కలో మా వదిన ఏ పక్కకో పోయింది, కాసేపట్లో వస్తుంది. ఆ ముసలాయనను చూసి నాకు కలిగినంత అసూయ ఎప్పుడూ ఎవరి మీదా కలగలేదు, వదిన మీద కూడా.

ఆయన కొంచెం జరిగి చోటిచ్చాడు. సంచి ఒళ్లో పెట్టుకొని పక్కన కూర్చున్నాను. వరండా తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఇద్దరం తలెత్తి చూశాం.