లాకుల దగ్గర పాడె సీను

ఆ సినిమా చూసి ఏడవనివాళ్లు మా నిడదవోలులో ఉన్నారంటే నేను నమ్మను. ఏడ్చామని ఒప్పుకోనివాళ్లుంటారు, అది వేరే సంగతి. మా స్టాఫ్ రూములో లెక్కల మాస్టారు "ఏసీ గాలికి కళ్లు మండాయండి" అన్నారు. ఆ హాల్లో ఏసీ పనిచెయ్యడం మానేసి ఎంత కాలమైందో ఊరందరికీ తెలుసు.

కథ పాతకాలంది. తెల్లదొరల రోజుల్లో, కాలువల మీద పడవలు నడిచే కాలంలో, ఊరూరా తిరిగే నాటకాల కంపెనీలో వేషాలు కట్టే కుర్రాడు, ఒక మునసబుగారి అమ్మాయి. ఇద్దరూ మనసు పడతారు. పెళ్లి మాట అడగడానికి అతను పడవెక్కి వస్తూ దారిలో కలరా తగిలి పోతాడు. ఆ పిల్ల కాలువ లాకుల వంతెన మీద ఎదురుచూస్తూ ఉంటే పడవ దిగి మనిషి రాడు, గట్టు మీద పాడె వస్తుంది. ఇంతే. ఇలాంటివి మా అమ్మమ్మ పప్పు రుబ్బుతూ వంద చెప్పేది. కానీ ఆ ఇద్దరూ చేసిన తీరు ఉంది చూశారూ, దాన్ని చెప్పడానికి తెలుగు టీచర్నై ఉండి నాకే మాటలు చాలవు.

ఆ పాడె సీను తీసిన రోజున నేను అక్కడే ఉన్నాను. ఉండకూడనిదాన్ని ఉన్నాను.

అప్పుడు నాకు ఐదో నెల. అంతకుముందు రెండుసార్లు నిలిచినట్టే నిలిచి పోయాయి. అందుకని ఈసారి మా అత్తగారు నా చుట్టూ కోట కట్టేశారు. మాట కరుకు, మనసు వెన్న అంటారు కదా కొందరిని, ఆవిడ గురించి అలా అనను. మాట కరుకే, మనసు ఎలాంటిదో ఎవరికీ చూపించలేదు. చిన్న వయసులోనే మామగారు పోతే ఇంటి ముందు ఇడ్లీలు వేసి, ఉన్న ఒక్క కొడుకునీ పెంచుకున్నారు. ఆ రోజుల గురించి ఎప్పుడైనా అడిగితే "పనేం లేదా నీకు?" అనేవారు.

బొప్పాయి తినకూడదు, గడప మీద కూర్చోకూడదు, సంజవేళ జుట్టు విరబోసుకోకూడదు. ఇవన్నీ ఒక ఎత్తు. అన్నిటికన్నా పెద్దది ఒకటుంది. కడుపుతో ఉన్నది శవాన్ని చూడకూడదు, దాని మొగుడు పాడె మొయ్యకూడదు. వీధిలో ఎవరు పోయినా మావారు దూరంగా నిలబడి దండం పెట్టి వచ్చేయాల్సిందే.

సరిగ్గా అప్పుడే షూటింగువాళ్లు దిగారు. కరెంటు స్తంభాలకి తాటాకులు చుట్టేశారు, సిమెంటు రోడ్డు మీద మట్టి పరిచేశారు. రెండు రోజుల్లో మా లాకులు మా తాతల కాలానికి వెళ్లిపోయాయి. ఊరు ఊరంతా అక్కడే. మా అత్తగారు మాత్రం "అందులో పాడె ఉందంట. అటుకేసి వెళ్లావో, కాళ్లిరగ్గొడతాను" అన్నారు.

"అది ఉత్తుత్తి పాడె అత్తయ్యగారూ. దాని మీద పడుకునేది బతికున్న మనిషే కదా."

"బతికున్నోడు పాడెక్కితే ఇంకా అరిష్టం కాదటే?"



మావారికి మోటార్లు వైండింగ్ చేసే షాపుంది. షూటింగులో వాన కురిపించే మోటారు మొరాయిస్తే ఆయన్నే పిలిచారు. ఆయన ఆ పని మీద లాకుల దగ్గరికి వెళ్తున్నారని ఇంట్లో అందరికీ తెలుసు.

ఆ శనివారం ఒంటిపూట బడి. ఇంటికొస్తుంటే కాలువ గట్టు మీద షూటింగువాళ్లు ఆటో ఆపేశారు. నా తప్పేం లేదు, ఆపింది వాళ్లు. సరే, దిగి జనాన్ని తోసుకుంటూ వాళ్లు అడ్డంగా కట్టిన తాడు దాకా వెళ్లింది మాత్రం నేనే.

హీరోయిన్ గొడుగు కింద కూర్చుని మజ్జిగ తాగుతోంది. బక్కపల్చటి పిల్ల. మోచేతి మీద దోమకాటు గోక్కుంటోంది. 'ఓస్, ఇంతేనా!' అనుకున్నాను. పిలవగానే గ్లాసు పక్కన పెట్టి వెళ్లి వంతెన మీద నిలబడింది. అంతే, నా చేతుల మీద రోమాలు లేచాయి. ఇంకా ఏమీ చెయ్యలేదు, మాకు వీపు పెట్టి ఉత్తినే నిలబడింది. ఎదురుచూసే మనిషి వీపు ఎలా ఉంటుందో నేను మొదటిసారి చూశాను. మా చుట్టూ ఉన్న గోలంతా ఎవరూ చెప్పకుండానే ఆగిపోయింది.

ఇక హీరో. మిట్టమధ్యాహ్నం ఎండలో పాడె మీద పడుకున్నాడు. నుదుట పెద్ద బొట్టు, మెడలో బంతిపూల దండ. ఈగ ఒకటి వచ్చి పెదవి మీద వాలి, తాపీగా ముక్కు దాకా నడిచింది. రెప్ప కదల్లేదు. ఊపిరి ఎక్కడ దాచుకున్నాడో ఆ దేవుడికే తెలియాలి. నా పక్కనున్న ముసలావిడ "ఓరి నాయనో, నిండా పాతికేళ్లు లేవురో" అని నిజంగానే శోకాలు అందుకుంది. ఆవిణ్ణి ఊరుకోబెట్టడానికి యూనిట్ వాళ్లు ఇద్దరు రావాల్సి వచ్చింది.

పాడె రావడం చూసి ఆ పిల్ల మొదటిసారి గుండెలు పగిలేలా కేక పెట్టింది. రెండోసారి ఉన్నచోటే కూలబడిపోయింది. మేమంతా చప్పట్లు కొట్టాం. ఆవిడ మాత్రం లేచి తల అడ్డంగా ఊపింది. "ఇది కాదు సార్. ఇంకేదో ఉంది, నాకు దొరకట్లేదు" అంది. అంత బాగా ఏడ్చి కాదంటుందేమిటి ఈ పిల్ల అని ఆశ్చర్యపోయాను.

ఈలోగా మోసేవాళ్లలో ఒకతను ఎండకి కళ్లు తిరిగి పడ్డాడు. కాసేపు హడావిడి అయింది. ఎవరినో తెచ్చి ఆ చోటులో నిలబెట్టారు. పాడె మళ్లీ లేచి, గట్టు మలుపు తిరిగి మావైపు వచ్చింది. ముందు ఎడమ కొమ్ము కింద, మోకాళ్ల పైకి పంచె కట్టుకుని, ఒళ్లంతా చెమటతో, మావారు.

చదువుకున్నదాన్ని. మూఢనమ్మకాల మీద పిల్లలచేత వ్యాసాలు రాయించేదాన్ని. ఆ చదువు, ఆ వ్యాసాలు ఏ కాలువలో కొట్టుకుపోయాయో తెలియదు. ఆయన భుజం మీద శవం, నా కడుపులో బిడ్డ. అంతకుమించి ఏమీ కనిపించలేదు. నా చెయ్యి దానంతటదే కుచ్చిళ్లను పిడికిట్లో బిగించి పొత్తికడుపు కింద ఆనుకుంది. అంతకుముందు రెండుసార్లూ నొప్పి మొదలైనప్పుడు అలాగే పట్టుకున్నాను, జారిపోయేదాన్ని ఆపగలనన్నట్టు. రెండుసార్లూ ఆగలేదు. ఏడుపు కూడా రాక తలెత్తి చూస్తే, వంతెన మీద నుంచి ఆ పిల్ల పాడెను వదిలేసి నన్ను చూస్తోంది.

ఇక అక్కడ ఒక్క క్షణం నిలబడలేకపోయాను. వచ్చి ఆటోలో కూర్చున్నాను. ఆ తరవాత ఏం తీశారో నాకు తెలియదు.

సాయంత్రం ఆయన వచ్చి, పెరట్లో పంపు కిందే తలస్నానం చేసి లోపలికొచ్చారు. "వాన మోటారు బాగైంది" అన్నారు. ఇంకేమీ చెప్పలేదు. నేనూ అడగలేదు. అడిగితే అది నిజమైపోతుందని భయం. అబ్బ, ఎంత కోపమొచ్చేదో! కూరలో ఉప్పు తక్కువైందంటే చాలు, విరుచుకుపడేదాన్ని. పాడె మాట మాత్రం నోట్లోంచి రాలేదు. ఆదివారం మధ్యాహ్నాలు నేను కునుకు తీస్తుంటే ఆయన వచ్చి నా కడుపు మీద ఆనీ ఆనకుండా అరచెయ్యి పెట్టి చూసుకునేవారు. లోపల బిడ్డ కదిలేదాకా తియ్యరు. నేను కళ్లు మూసుకునే ఉండేదాన్ని.

రాజమండ్రి ఆస్పత్రిలో అమ్మాయి పుట్టింది. గుక్కపట్టి ఏడ్చింది. దాని ఏడుపు విని ఆయన వరండాలో కూర్చుని ఏడ్చారట. అప్పుడు కూడా ఇద్దరం ఆ ఊసెత్తలేదు.

పిల్లకి నాలుగో నెల వచ్చేసరికి సినిమా వచ్చింది. "మన లాకులు కనపడతాయంట, పదండి" అని మా అత్తగారే బయల్దేరదీశారు. మావారు షాపుంది, తలనొప్పి అని ఏవో వంకలు పెట్టారు. ఆవిడ ముందు ఎవరి వంకలు చెల్లుతాయి? మ్యాట్నీకి వెళ్లాం.

మొదట్లో ఒక సీనుంది. నాటకం అయిపోయాక ఆ పిల్ల కొబ్బరినూనెతో అతని మొహానికున్న రంగు తుడుస్తుంది. రాజు మొహం పోయి, కింద నుంచి ఆకలితో ఉన్న మామూలు కుర్రాడి మొహం బయటపడుతుంది. ఆ మొహం కనపడిపోయినందుకు అతను సిగ్గుపడి తల తిప్పుకుంటాడు. ఆవిడ గడ్డం పట్టుకుని మళ్లీ తిప్పుతుంది. ఒక్క మాట లేదు. ఆ తల తిప్పుకోవడం ఎవరు నేర్పుతారండీ? హాల్లో ఈల వేసేవాళ్లు కూడా ఈల మర్చిపోయారు.

చివరికి పాడె వచ్చింది. తెర మీద మావారి మొహం ఇంతై కనిపించింది.

"ఒరేయ్! అది నువ్వు కాదంట్రా?" అని మా అత్తగారు లేచి నిలబడిపోయారు.

"కూర్చోండి మామ్మగారూ!" అని వెనకనుంచి అరిచారు.

అప్పుడు ఆ పిల్లని చూపించారు. కేక పెట్టలేదు. కూలబడలేదు. చూస్తూ నిలబడింది, అంతే. కుడిచెయ్యి మెల్లగా వచ్చి కుచ్చిళ్లను పిడికిట్లో బిగించి పొత్తికడుపు కింద ఆనుకుంది. అప్పటిదాకా సినిమాలో ఆ అమ్మాయి కడుపుతో ఉందని ఎవరూ చెప్పలేదు. ఆ తరవాత కూడా చెప్పరు. హాలంతా ఒక్కసారి "అయ్యో" అంది. మా అత్తగారు అరవబోయిన నోరు అలాగే తెరిచి, కుర్చీలో కూలబడ్డారు.

అది నా చెయ్యి. బొటనవేలు లోపలికి మడిచి, అచ్చం నాదే. కానీ నేను పట్టుకున్నది ఉత్త భయంతో. ఆ పిల్ల పట్టుకున్నదాంట్లో భయముంది, సిగ్గుంది, ఇక నాకు నువ్వే దిక్కు అన్న మాటుంది. నన్ను చూసింది రెప్పపాటు. అంతలోనే, నాలో ఉన్నదని నాకే తెలియంది ఎలా తీసుకుపోయింది? తల్లీ, నువ్వు మనిషివా ఇంకేమైనానా అనిపించింది. దండం పెట్టాలనిపించింది.

మావారు పిల్లని భుజాన వేసుకుని నావైపు తిరిగారు. ఆ పిడికిలిని రెండుసార్లు దగ్గరుండి చూసిన మనిషి.

"ఆరోజు నువ్వక్కడ ఉన్నావా?"

"ఉన్నాను. ఎందుకు మోశారండీ?"

"హైటు సరిపోయిందన్నారు. వద్దంటే ఎందుకో చెప్పాలి కదా. నీకు మూడోసారని పదిమందిలో చెప్పబుద్ధి కాలేదు." ఆయన పిల్లని ఇంకాస్త దగ్గరికి అదుముకున్నారు. "వాడు ఊపిరి తియ్యలేదే. బతికే ఉన్నాడు, బతికే ఉన్నాడు అనుకుంటూనే మోశాను. నమ్మకం కుదరలేదు."

ఇన్నాళ్ల కోపం ఎటు పోయిందో, ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

బయటికొచ్చాక ఉరుములూ పిడుగులూ పడతాయనుకున్నాం. మా అత్తగారు మాత్రం పిల్లని తీసుకుని సైకిల్ స్టాండు పక్కన అరుగు మీద కూర్చున్నారు. నాకేమో ఆ చెయ్యి నాదేనని చెప్పాలని నోరు పీకేస్తోంది. ఊరందరూ ఏడ్చింది నా చెయ్యి చూసి మరి!

"అత్తయ్యగారూ, ఆ పిల్ల చెయ్యి పెట్టింది చూశారా..."

"మీ మామగారిని తీసుకెళ్తుంటే నన్ను వంటింట్లో పెట్టి బయట గొళ్లెం పెట్టేశారే" అన్నారు ఆవిడ, ఎటో చూస్తూ. "వీడు కడుపులో ఉన్నాడు. నేను చూడకూడదంట. చూడకుండా ఎలా ఉంటాను? కిటికీ సందులోంచి చూశాను. ఇదుగో, ఇలా పట్టుకుని చూశాను." ఖాళీగా ఉన్న చేత్తో కుచ్చిళ్లు బిగించి పట్టుకున్నారు. "వీడికి ఒళ్లు వెచ్చబడినప్పుడల్లా, ఆరోజు చూసినందుకే అనుకునేదాన్ని. ఎవరికీ చెప్పుకోలేదు."

మావారు తల్లి ముందు నేల మీద కూర్చుండిపోయారు. ఆవిడ నా మొహంలోకి చూశారు. ఆ కళ్లలో నీళ్లు నేనెప్పుడూ చూడలేదు.

"ఆ వంటింట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. ఆ పిల్లకి ఎవరు చెప్పారే?"

"ఎవరూ చెప్పలేదు అత్తయ్యగారూ. ఆ పిల్లకే తెలిసిపోయింది" అన్నాను.

ఆ చెయ్యి నాదని ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు.