అద్దం మీది బొట్టు

కొమురయ్యను ఇప్పుడు ఎవరైనా చూస్తే, కంప్యూటరు ముందు కూర్చుని ఏదో పెద్ద పనిలో మునిగాడనుకుంటారు. మునిగిన మాట నిజమే. పని మాత్రం ఒక చిన్న నల్ల డబ్బాతో. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, పైన బొటనవేలు పట్టేంత అద్దం. వేలిముద్ర తీసుకునే మెషిన్ అది. పింఛను తీసుకునేవాళ్లు ఏటా నవంబరులో తాము ఇంకా బతికే ఉన్నామని చెప్పుకోవాలి కదా, ఆ చెప్పుకోవడం ఈ రోజుల్లో వేలితో అవుతోంది. మెషిన్‌ను కంప్యూటరుకు తగిలించి, దాని సాఫ్ట్‌వేర్ ఎక్కించి, అద్దం మీద వేలు పెడితే సరిపోతుంది. కొమురయ్యకు ఎక్కించడం దగ్గరే ఆగిపోయింది. అంతా సాఫీగా నడిచి, చివర్లో పరీక్ష కోసం వేలు పెట్టమంటుంది. పెడతాడు. కాసేపు చక్రం తిరిగి, ఇన్‌స్టలేషన్ ఫెయిల్ అని ఎర్రక్షరాలు పడతాయి. ఆయన మళ్లీ మొదటినుంచి మొదలుపెడతాడు.

కారణం ఆయనకు తెలియదనుకోకండి. ఆ అద్దం నిండా పసుపు ఎండి పట్టుకుని ఉంది. పసుపు నడుమ కుంకుమ. కళ్లజోడు పైకెత్తి దగ్గరగా చూస్తే కుంకుమలో సన్నటి వేలి గీతలు కనిపిస్తాయి. అది ఆయన భార్య కాంతమ్మ ఉంగరపు వేలు. దసరా నాడు పెట్టింది. దీపావళి రాకముందే ఒక పొద్దున చాయ్ పెడుతూ వంటింట్లోనే కూలబడి, ఆస్పత్రికి చేరేలోపు పోయింది. ఆమె చెయ్యి తగిలిన గుర్తు ఆ ఇంట్లో ఇప్పుడు ఇదొక్కటే. దీన్ని తుడవకుండా మెషిన్ నడిపించాలని కొమురయ్య పట్టుదల. అది నడవదు. నడవదని కూడా ఆయనకు తెలుసు.

ఆసిఫాబాద్ వైపు నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చి, మరాఠీ గడ్డ మీది ఊర్జానగర్‌లో కరెంటు తయారుచేసే ప్లాంటులో హెల్పరుగా చేరి, కంట్రోల్ రూంలో ఆపరేటరుగా రిటైరైన మనిషి. ఏదైనా ఆగిందంటే కంగారుపడేవాడు కాదు. కంటికి ఎదురుగా ఉన్నది ముందు చూడండి, లోపలికి పోవడం తర్వాత, అని తన కింది వాళ్లకు చెప్పి చెప్పి విసిగించేవాడు. ఆ మనిషే ఇప్పుడు కేబుల్ పీకి ఇంకోచోట పెట్టాడు. కంప్యూటరు ఆపి మళ్లీ వేశాడు. యాంటీవైరస్ అడ్డుపడుతోందేమోనని దాన్ని తీసిపారేశాడు. సాఫ్ట్‌వేర్‌ను పూర్తిగా తుడిపేసి కొత్తది దించుకున్నాడు. చివరికి బొట్టుకు తగలకుండా అద్దం అంచున వేలి కొసను ఆనించి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. ఎర్రక్షరాలే పడ్డాయి. విసుగు కూడా రాలేదు ఆయనకు. ఈ మధ్య ఏదీ రావడం లేదు.

అసలు అద్దం మీద బొట్టు ఎవరైనా పెడతారా అని మీకు అనిపించవచ్చు. కాంతమ్మ పెడుతుంది. గోండ్‌పిప్రిలో కిరాణా దుకాణం నడిపే ఇంట్లో పుట్టింది. వాళ్ల దుకాణంలో దసరాకు త్రాసుకు బొట్టు పెడితే పళ్లెం నడిమధ్యనే పెట్టేవాళ్లు. కత్తికి పిడి మీద కాదు, అంచుకు పెట్టేవాళ్లు. పని ఎక్కడ జరుగుతుందో బొట్టు అక్కడే పడాలి, పక్కన పెడితే అది ఉత్తుత్తి పూజ కింద లెక్క. ఆ లెక్క ప్రకారం ఆవిడ మిక్సీ గిన్నెలోపలా, కుట్టుమిషన్ సూది కిందా, స్కూటర్ లైటు మీదా, టీవీ తెర మధ్యలోనూ పెట్టేది. వార్తలు చదివేవాళ్లంతా దీపావళి దాకా ఆ ఇంట్లో బొట్టుతోనే కనబడేవాళ్లు.

మొన్న దసరాకు ఈ మెషిన్ ఇంకా కొత్తది. పళ్లెం పట్టుకుని వచ్చి, మెషిన్ పెట్టిన అట్టడబ్బా మూత తీసి, అద్దం వెతికి మరీ పెట్టింది.

"అద్దం మీద పెట్టకే. ప్లాంటుల మేం గేజీల అద్దాలకు పెట్టకపోతుంటిమి," అన్నాడు కొమురయ్య పేపరు మడుస్తూ.

"తుడుస్తె పోదా? గంతదానికేంది," అని మూతపెట్టి సొరుగులో పడేసింది.

ఆ మెషిన్ కొనిపించిందీ ఆవిడే. పోయిన ఏడాది ఇదే పనికి ఇద్దరూ బజారులోని ఒక సెంటరుకు పోయారు. పెద్ద లైను. కొమురయ్య వేళ్లు వయసుతో అరిగిపోయి మెషిన్‌కు ఆనలేదు. తుడుచుకుని పెట్టమన్నారు, నూనె రాసి పెట్టమన్నారు, ఇంకో వేలు పెట్టమన్నారు, చివరికి ఎడమ బొటనవేలు పట్టింది. నడుమ ఆ కంప్యూటరు ముందు కూర్చున్నాయన, అందరినీ అడిగినట్టే, తల ఎత్తకుండా మరాఠీలో అడిగాడు, రెండో పెళ్లి చేసుకున్నారా అని. కాగితంలో ఆ ప్రశ్న ఉంటుంది, అందరికీ వేస్తారు. కొమురయ్య నోరు తెరిచేలోపే వెనకనుంచి కాంతమ్మ అందుకుంది.

"నేనింక ఈడనే నిలబడ్డ గద. గంత జల్ది ఏంది?"

ఆ మాటను మళ్లీ మరాఠీలో కూడా చెప్పింది, లైనులో ఉన్నవాళ్లకు అర్థంకాకుండా పోతుందేమోనని. అందరూ ఒకటే నవ్వు. కొమురయ్యకు చెవులు ఎర్రబడ్డాయి. దారిపొడుగునా ఆమెతో మాట్లాడలేదు. ఇంటికొచ్చాక కాంతమ్మ, వచ్చే ఏడు ఆ లైనులో నిలబడేది లేదు, మెషిన్ మనమే కొనుక్కుందాం, మన ఇంట్లో మన కుర్చీలో కూర్చుని పెడదువు, అంది. అన్నట్టే ఎదురింటి ఉదయశ్రీతో తెప్పించింది.

కాంతమ్మ పోయాక దినాలన్నీ పద్ధతి ప్రకారం అయ్యాయి. కొమురయ్య చెప్పినచోట కూర్చున్నాడు, లెమ్మన్నప్పుడు లేచాడు. కన్నీళ్లు రాలేదు. చూడవచ్చిన వాళ్లు ఆయన మొహంలో ఏదో వెతికి, దొరక్క వెళ్లిపోయారు. మరదలు సత్తమ్మ గోండ్‌పిప్రి నుంచి వచ్చి, అక్క చీరలు పంచి, ఇల్లంతా కడిగి, ఫ్రిజ్ మీదా స్కూటర్ మీదా టీవీ మీదా బొట్లన్నీ తడిగుడ్డతో తుడిచేసింది. కొమురయ్య కుర్చీలో కూర్చుని చూస్తూనే ఉన్నాడు. వద్దు అనాలని తోచలేదు. బావ రాయి లెక్క అయిపోయిండు అని సత్తమ్మ పక్కింటివాళ్లతో అంటుంటే విన్నాడు. నిజమే కాబోలు అనుకున్నాడు. సొరుగులో డబ్బా సంగతి సత్తమ్మకు తెలియదు. నెలాఖరు దగ్గరపడి, పింఛను ఆగిపోతుందని గుర్తొచ్చి సొరుగు లాగినప్పుడు కొమురయ్యకు ఈ ఒక్క బొట్టు కనబడింది.

అప్పటినుంచీ ఇదే పని. పొద్దున లేస్తాడు, కంప్యూటరు వేస్తాడు, ఎక్కిస్తాడు, ఫెయిలవుతుంది. ఒకరకంగా అది ఆయనకు బాగానే ఉంది. ఫెయిలవుతున్నంతసేపూ చెయ్యడానికి ఏదో ఒకటి ఉంటుంది.

ఆదివారం పొద్దున ఉదయశ్రీ గిన్నెలో పోహె, అంటే అటుకుల ఉప్మా, తెచ్చింది. ఆమె బడిలో కంప్యూటరు పాఠాలు చెబుతుంది. కాంతమ్మను చిన్నమ్మా అనీ కొమురయ్యను కాకా అనీ పిలుస్తుంది. రోజూ పొద్దున కాంతమ్మతో ఒక మాట మాట్లాడందే బడికి పోయేది కాదు.

"ఏంది కాకా, ఇంక కాలేదా?"

"కాలే. ఇంకో కేబుల్ ఉంటె తేరాదూ బిడ్డా. ఇది ఖరాబైనట్టుంది."

ఉదయశ్రీ కేబుల్ వైపు చూడనైనా చూడలేదు. మెషిన్ చేతిలోకి తీసుకుని వెలుతురుకు తిప్పింది.

"కేబుల్ మంచిగనే ఉంది. అద్దం మీద గింత పసుపుంటే యేలెట్ల పడ్తది కాకా?" అంటూ చున్నీ కొస పట్టుకుని తుడవబోయింది.

కొమురయ్య ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆయన అంత గట్టిగా పట్టుకోగలడని ఆమె అనుకోలేదు.

"ఆగు."

ఉదయశ్రీ ఆయన మొహంలోకి చూసింది, తర్వాత అద్దంలోకి చూసింది.

"చిన్నమ్మ పెట్టిందా?"

ఆయన తల ఊపి, చెయ్యి వదిలాడు. ఉదయశ్రీ మెషిన్‌ను రెండు చేతులా పట్టుకుని, బల్ల మీద మెల్లగా పెట్టి పక్క కుర్చీలో కూర్చుంది. పోహె చల్లారిపోయింది.

"దీన్ని గిట్లనే ఉంచు కాకా," అంది చివరికి. "నా ఫోన్ల ముఖం చూపెడ్తె కూడ అయితది. యేలుతోని పనే లేదు. దీన్ని డబ్బాల పెట్టి దాసుకో."

మంచి దారే చూపించింది. ఇన్నాళ్ల కుస్తీకి ఒక్క మాటతో తెరపడింది. కొమురయ్య మెషిన్‌ను డబ్బాలో పెట్టాడు, మూత వేశాడు, సొరుగు లాగాడు. లాగి అలాగే ఉండిపోయాడు. కాంతమ్మకు దాచిపెట్టడమంటే గిట్టదు. ఎవరు ఏ గిన్నె ఇచ్చినా ఆ పూటే పొయ్యి మీదికి ఎక్కించేది. కొత్త దుప్పటి తెస్తే ఆ రోజే పరిచేది. పెట్టెలో పెట్టుకో, పండగకు తీద్దువు అని ఆయన అంటే, సచ్చినంక వాడుకుంటమా అని కసిరేది.

ఆయన సొరుగు మూసి, డబ్బా మళ్లీ తెరిచాడు.

"మీ చిన్నమ్మ దీన్ని వాడనీకే కొన్నది. డబ్బాల ఉంటె ఊకుంటదా? గిన్నెల జెర నీళ్లు తే బిడ్డా."

ఉదయశ్రీ తెచ్చింది. కొమురయ్య ఉంగరపు వేలు తడిపి, అద్దం మీద ఆనించి, మెల్లగా తిప్పాడు. ఎండిన పసుపు తడిసి వేలికి అంటుకుంది, కుంకుమా వచ్చింది. ఆ వేలిని అలాగే తెచ్చి కనుబొమ్మల మధ్య పెట్టుకున్నాడు. అద్దం మీద మిగిలిన మరకను కళ్లజోడు గుడ్డతో తుడిచాడు. అప్పుడు గుండె బద్దలవుతుందని ఇన్నాళ్లూ భయపడ్డాడు. ఏమీ కాలేదు. ఏ గేజీనో తుడిచినట్టే ఉంది. ఇదేం మనిషిని నేను, అని లోపల సిగ్గుపడ్డాడు.

ఈసారి సాఫ్ట్‌వేర్ ఒక్క దమ్మున ఎక్కింది. వేలు పెట్టమంది, ఎడమ బొటనవేలు పెట్టాడు, ఆకుపచ్చ అక్షరాలు పడ్డాయి. ఉదయశ్రీ మౌసు అందుకుని పింఛను పేజీ తెరిచింది. పేరు నింపింది, పింఛను నంబరు నింపింది, ఫోన్ నంబరు నింపింది. ఆపైన ఒకచోట ఆమె చెయ్యి ఆగింది. ఆయన చూడకముందే ఏదో నొక్కి దాటిపోదామనుకుంది. కానీ కొమురయ్య అప్పటికే చదివాడు. రెండో పెళ్లి చేసుకున్నారా? కింద రెండు గళ్లు, అవును, లేదు.

కొమురయ్య కుర్చీలో నుంచే వెనక్కి తిరిగి వంటింటి గుమ్మం వైపు చూశాడు. ఎందుకు తిరిగాడో తిరిగాక గానీ ఆయనకు తెలియలేదు. ఆ ప్రశ్నకు జవాబు వెనకనుంచి రావాలి. పోయిన ఏడు అటునుంచే వచ్చింది. గుమ్మంలో ఎవరూ లేరు. సత్తమ్మ కడిగిపోయిన గచ్చు, పొయ్యి, గోడకు తగిలించిన చిప్పగరిటె. కాంతమ్మ ఇక లేదు. ఆ సంగతి ఇన్నాళ్లూ తెలిసినట్టే ఉంది గానీ, ఇప్పుడు తెలిసింది. ఆయనకు ఏడుపు వచ్చింది. గట్టిగా, సిగ్గు లేకుండా, కుర్చీ చేతులు పట్టుకుని ఏడ్చాడు.

ఉదయశ్రీ మౌసు మీద చెయ్యి తియ్యలేదు, ఓదార్చడానికి లేవలేదు. తన కళ్లు తుడుచుకుని తెర వైపే చూస్తూ కూర్చుంది. చాలాసేపటికి కొమురయ్య తువ్వాలుతో మొహం అద్దుకున్నాడు. నుదుటి మీద బొట్టు చెదరకుండా, చుట్టూ మాత్రమే తుడుచుకున్నాడు.

"లేదని పెట్టు బిడ్డా," అన్నాడు.