మా మేడమ్ చెరిపేసిన జాడలు

మా మేడమ్ పోయారు. తణుకు నుంచి వాళ్ళక్కగారు ఫోన్ చేసి, "చెల్లి ఇక లేదమ్మా, పొద్దున్నే పోయింది" అని చెప్పినప్పుడు నేను రాజమండ్రిలో, పనిచేసే ఆసుపత్రి మెట్లు ఎక్కుతున్నాను. కిడ్నీ జబ్బు ఆవిణ్ణి కొన్నేళ్ళుగా తినేస్తోందని తెలుసు. తెలిసినా అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను.

సాయంత్రానికి మా కాలేజీ పాత విద్యార్థుల గ్రూపులో ఆవిడ ఫోటో వచ్చింది. పూలదండ, దీపం బొమ్మ, కింద 'మా కాలేజీ కుటుంబానికి తీరని లోటు' అన్న మాట, ఆ కింద యాజమాన్యం పేరు. అది చూశాక నా ఏడుపు ఆగిపోయింది. ఆ కుటుంబమే ఆవిణ్ణి సెమిస్టర్ మధ్యలో గేటు బయటికి పంపింది. ఆ సంగతి ఒక్కరూ ఎత్తలేదు. చేతులు జోడించిన బొమ్మలు వరసగా పెట్టి ఊరుకున్నారు. అందుకే ఇది రాస్తున్నాను. ఆవిడెవరో మీకు తెలియాలి. ఆవిడకు ఏం జరిగిందో కూడా తెలియాలి.

మేడమ్ మాకు కంప్యూటర్ నెట్‌వర్కులు చెప్పేవారు. కాలేజీ నెట్‌వర్క్ కూడా ఆవిడ కట్టిందే. అంతకుముందు బిల్డింగుల్లో ఉన్న వైఫై పెట్టెలు దేనికది సొంతంగా నడిచేవి. క్లాసులోంచి క్యాంటీన్‌కి వెళ్తే చాలు, కనెక్షన్ తెగేది. మేడమ్ ఆ పెట్టెల పెత్తనం తీసేసి, అంతా ల్యాబ్‌లో ఉన్న ఒక సాఫ్ట్‌వేర్ చేతికిచ్చారు. దాన్ని కంట్రోలర్ అంటారు. ఎవరి ఫోను ఏ పెట్టె దగ్గరుందో అది కనిపెడుతూ ఉంటుంది. మనం నడుస్తుంటే తర్వాతి పెట్టెకి ముందే కబురు పెడుతుంది. మనం చూడదగినవి ఏంటి, చూడకూడనివి ఏంటి అన్న నియమాలు కూడా మనతోపాటే అక్కడికి చేరతాయి.

"మనిషి కదిలితే కనెక్షన్ కదలాలి. దాంతోపాటే కాపలా కూడా కదలాలి" అనేవారు మేడమ్.

అది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడ్డానికి ఎండాకాలమంతా మా చేత నడిపించారు. నేను వీడియో కాల్‌లో మాట్లాడుతూ ముందు నడిచేదాన్ని. ఆవిడ కొంగు నెత్తిన కప్పుకుని, చేతిలో చల్లారిపోయిన టీ గ్లాసుతో వెనకాల వచ్చేవారు. లైబ్రరీ మెట్ల మలుపులో కాల్ తెగేది. ఆవిడ నోట్లో ఏదో గొణుక్కుని ల్యాబ్‌కి పోయి సరిచేసి, మళ్ళీ నడవమనేవారు. మంచినీళ్ళు తాగడానికి లేచినా స్క్రీన్‌కి తాళం వేయకుండా కదిలేవారు కాదు. మేం వేయకపోతే మాత్రం తిట్లే. మెత్తని మనిషని ఎవరైనా రాస్తే నమ్మకండి. ఆవిడ తిడితే క్యాంటీన్ దాకా వినపడేది.

ఆ తిట్లలో ఒక మాట నాకు ఇప్పటికీ గుర్తు. "నువ్వెక్కడున్నావో దానికి తెలియాల్సింది నీకు దారి ఇవ్వడానికి. దారి ఇచ్చాక మర్చిపోవాలి." అందుకే ఫోన్ల జాడలు ఎప్పటికప్పుడు చెరిగిపోయేలా ఆవిడే ఏర్పాటు చేశారు. మా క్లాసులో ఒకతను వాటిని దాచి ఉంచితే ప్రాజెక్టుకి పనికొస్తాయన్నాడు. "దాచినవి ఎవడో ఒకడు వాడతాడు" అన్నారు.

అన్నట్టే అయింది. ఒకరోజు మేం ల్యాబ్‌లో ఉండగా కాలేజీ సెక్రటరీ గారు వచ్చారు. కాలేజీ పెట్టిన కుటుంబంలో పెద్దాయన. నెట్‌వర్క్ బాగుందని మెచ్చుకుని, తర్వాత అసలు విషయానికి వచ్చారు.

"ఏ అమ్మాయి ఎక్కడుందో మీ మెషీన్‌కి తెలుసంట కదా మేడమ్. నా రూములో ఒక స్క్రీన్ పెట్టించండి."

"దానికి తెలియాలండి. మీకు అక్కర్లేదు" అన్నారు మేడమ్.

"తల్లిదండ్రులు మనల్ని నమ్మి పంపుతున్నారండి. హాస్టల్ ఆడపిల్లల బాధ్యత మనది."

"మరి మగపిల్లలవి కూడా చూస్తారాండి?"

ఆయన మా వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయారు.

కొన్నాళ్ళకి మేడమ్ వైద్యం కోసం సెలవు పెట్టారు. ఆ సందు చూసుకుని సెక్రటరీ గారు, పెట్టెలు అమ్మిన కంపెనీ మనిషిని పిలిపించి కంట్రోలర్ తెరిపించారు. జాడలు చెరిగే ఏర్పాటు ఆపించారు. సెక్రటరీ గారి రూములో ఒక స్క్రీన్, హాస్టల్ వార్డెన్ గారి దగ్గర ఒకటి వెలిశాయి. మాకెవరికీ తెలియదు.

మొదట దొరికింది నేనే. వార్డెన్ గారు పిలిచి స్క్రీన్ చూపించారు. నా ఫోనూ, మా క్లాసు అబ్బాయి ఫోనూ సాయంత్రాలు ల్యాబ్‌లో పక్కపక్కనే ఉన్నాయట. ఉంటాయి. మా ఇద్దరి ప్రాజెక్టూ ఒకటే, అక్కడ కూర్చుని చేసుకోమన్నది మేడమే. ఇంకా చెప్పాలంటే వాటిలో కొన్ని సాయంత్రాలు నేను ఫోన్ ల్యాబ్‌లో ఛార్జింగ్‌కి వదిలేసి, చర్చిలో పాటల ప్రాక్టీసుకి వెళ్ళాను. చెప్పబోతే వార్డెన్ గారు వినలేదు. "మెషీన్ అబద్ధం చెప్తుందేంటి?" అన్నారు. నా ముందే మా నాన్నకి ఫోన్ చేశారు. ఆ అబ్బాయి ఇంటికి ఎవరూ ఫోన్ చేయలేదు.

మా నాన్న పాలకొల్లు దగ్గర మా ఊళ్ళో బడిపంతులు. మర్నాడు వచ్చి నా పెట్టె సర్దించి బస్సెక్కించారు. దారిలో ఒక్క ముక్క అడగలేదు. అడిగినా బాగుండేది. ఆదివారం చర్చిలో మా వెనక బెంచీలో గుసగుసలు మొదలయ్యాయి. అమ్మ ప్రార్థన అయ్యేదాకా తల ఎత్తలేదు.

ఈ సంగతి మేడమ్‌కి ఎలా తెలిసిందో నాకు తెలియదు. ఒక మధ్యాహ్నం, మొహమంతా ఉబ్బి, పాదాలు చెప్పుల్లో పట్టనంత వాచి, బస్సు దిగి మా ఇంటికి నడిచొచ్చారు. అమ్మ కుర్చీ వేసింది. నాన్న నిలబడే ఉన్నారు.

"మా అమ్మాయి మీద నాకు నమ్మకం ఉందండి, మేడమ్ గారూ. ఊరి నోటి మీదే లేదు" అన్నారు నాన్న.

"మీ అమ్మాయి తప్పు చేయలేదని చెప్పడానికి రాలేదండి మాస్టారూ. ఆ సంగతి మీకు తెలుసు. ఆ మెషీన్ కట్టింది నేను. పిల్లలకి దారి ఇవ్వడానికి కట్టాను. దాంతో మీ పిల్లని వెంటాడారు. అది ఫోన్ ఎక్కడుందో చెప్తుంది గానీ మనిషి ఎక్కడుందో, ఏం చేస్తోందో చెప్పదు. ఆ మాట మీకు చెప్పి, క్షమించమని అడగడానికొచ్చాను."

నాన్న అప్పుడు కూర్చున్నారు. నా వైపు చూసి, "బట్టలు సర్దుకోమ్మా" అన్నారు. ఆ రోజే మేడమ్ పక్క సీట్లో కూర్చుని కాలేజీకి తిరిగి వెళ్ళాను. దారిపొడుగునా ఆవిడ వచ్చే పరీక్ష గురించే మాట్లాడారు.

మర్నాడు మేడమ్ కంట్రోలర్ తాళాలన్నీ, అంటే పాస్‌వర్డులన్నీ, మార్చేశారు. దాచి ఉంచిన జాడలన్నీ చెరిపేశారు. రెండు స్క్రీన్లూ నల్లబడ్డాయి. చేసిన పని దాచుకోలేదు కూడా. సెక్రటరీ గారి రూముకి వెళ్ళి, తనే చేశానని, నాకూ మా నాన్నకీ కాలేజీ క్షమాపణ చెప్పాలని అడిగారు. వారం తిరక్కుండా ఆవిణ్ణి ఉద్యోగంలోంచి తీసేశారు. కారణం ఏం రాశారో తెలుసా? భద్రతా నియమాల ఉల్లంఘన. ఆడపిల్లల జాడలు బజారున పెట్టిన వాళ్ళు భద్రత గురించి మాట్లాడారు! ఆవిడతో ఏళ్ళ తరబడి టీ తాగిన లెక్చరర్లు ఆ రోజు స్టాఫ్ రూములో పేపర్లు దిద్దుతూ కూర్చున్నారు. ఒక్కరు లేచి గేటు దాకా రాలేదు. ఇప్పుడు గ్రూపులో చేతులు జోడించింది వాళ్ళే.

తర్వాత మా నాన్న ఇంకొందరు తల్లిదండ్రుల్ని కూడగట్టి కాలేజీకి వచ్చారు. ఆ స్క్రీన్లు మళ్ళీ వెలిగితే పిల్లల్ని తీసుకుపోతామన్నారు. అవి వెలగలేదు. గుట్టుచప్పుడు కాకుండా తీసేశారు. క్షమాపణ మాత్రం ఎవరూ చెప్పలేదు, నాకు గానీ, మేడమ్‌కి గానీ. ఆవిడ కోపం ఆవిడతోనే పోయింది. నాది పోలేదు. పోగొట్టుకోవాలని కూడా లేదు.

మేడమ్ తణుకులో అక్కగారింట్లో ఉంటూ, ఓపికున్న రోజుల్లో ఒక చిన్న కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పారు. డయాలసిస్ లేని రోజు చూసుకుని వెళ్ళేదాన్ని. నాకు ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చిందని చెప్తే అభినందనలేమీ లేవు. "తాళం నీ చేతికిస్తారు. ఎవరేం అడిగినా ముందు ఎందుకని అడుగు" అన్నారు. మా ఆసుపత్రిలో రోగి మంచం వార్డు నుంచి ఆపరేషన్ థియేటర్‌కి కదిలితే గుండె చూసే మెషీన్ కనెక్షన్ కూడా దాంతో కదలాలి. ఆ పని నాది. ఒకసారి మేనేజర్ గారు ఏ నర్సు ఎక్కడ ఎంతసేపు కూర్చుంటోందో తీసివ్వమన్నారు. ఎందుకండీ అని అడిగాను. మళ్ళీ అడగలేదు ఆయన.

అంత్యక్రియలకి కాలేజీ నుంచి ఎవరూ రాలేదు. అక్కగారి కుటుంబం, కోచింగ్ సెంటర్ పిల్లలు, మా నాన్న, నేను. చెరకు కొట్టే రోజులు. శ్మశానానికి వెళ్ళే రోడ్డు నిండా ఫ్యాక్టరీకి పోయే చెరకు ట్రాక్టర్లే. మేడమ్‌ని తీసుకెళ్తున్న వ్యాను వాటి వెనక ఆగిపోయింది. మా డ్రైవరు హారన్ కొట్టబోయి మానేశాడు. ముందున్న ట్రాక్టరతను వెనక్కి తిరిగి చూసి, తలగుడ్డ తీసి, బండిని కాలువ గట్టు వైపు ఒరిగించాడు. అతని ముందున్నవాడు, ఆ ముందున్నవాడు, ఒకరి తర్వాత ఒకరు పక్కకి తప్పుకున్నారు. వ్యాను మెల్లగా కదిలింది. రెండు పక్కలా ట్రాక్టర్ల మీంచి వేలాడుతున్న చెరకాకులు అద్దాల్ని రాసుకుంటూ పోయాయి.