నేను దొంగిలించని పుంజు

దేవునికి స్తోత్రం. మనిషికి నోరు ఇచ్చినవాడు ఆయనే. ఆ నోటితో నేను చేసుకున్న నాశనానికి నన్ను అక్కడికక్కడే మట్టిలో కలపకుండా బతకనిచ్చినవాడూ ఆయనే. ముందు ఆయనను స్తుతించి, తర్వాత నా పరువు ఏ విధంగా పోయిందో చెబుతాను.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజుల మాట. రాజధాని వచ్చింది గాని ఆలూరు పక్కన ఉన్న మా ఊరికి వాన మాత్రం రాలేదు. నేను సంఘం బడిలో అయివారిని. ఇరవై రెండేళ్ళవాణ్ణి. బైబిలు వాక్యం కంఠతా వచ్చు. పాట ఎత్తుకుంటే తాళం తప్పను. కల్లు ఏ రంగులో ఉంటుందో కూడా తెలియదు. ఇన్ని మంచి గుణాలున్న నాకు ఒక్కటే లోటు. చెప్పుకోవడానికి ఒక్క మంచి పాపం లేదు.

ఇది లోటా అంటారేమో. మీరు సాక్ష్యాల కూడికకు ఎప్పుడూ వెళ్ళలేదన్నమాట. ప్రతి ఎండాకాలం మా ఊళ్ళో పందిరి వేసి మూడు రోజులు కూడికలు పెట్టేవారు. మధ్యాహ్నం పూట ఒక్కొక్కరే లేచి దేవుడు తమను ఎలా మార్చాడో చెప్పాలి. సారా తాగి పెళ్ళాన్ని కొట్టినవాడు లేస్తే పందిరంతా ఏడ్చేది. నేను లేచి "చిన్నప్పటి నుంచి దేవునిలోనే పెరిగాను" అనగానే ఆడవాళ్ళు పిల్లలకు ముక్కు తుడవడం మొదలుపెట్టేవారు. మంచివాణ్ణి లోకం మెచ్చుకుంటుంది. వినేది మాత్రం చెడి బాగుపడినవాణ్ణి.

ఆ ఏడు మొదటి రోజే ఎర్రగుంట్ల నుంచి దేవదానం అనే ఆయన వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. రైలు పట్టాల మీద గ్యాంగుమను. ఒళ్ళో గొడుగు, భుజాన తువ్వాలు. ఆయన కూతురు శాంతమ్మను నాకిచ్చే మాట నడుస్తోంది. ఆ పిల్లను కర్నూలులో పెద్ద కూడికల్లో పాడుతుంటే ఒకే ఒక్కసారి చూశాను. అప్పటి నుంచి ఏ కీర్తన పాడినా నా చెవికి ఆమె గొంతే వినిపించేది. ఆయన వచ్చింది నన్ను చూడడానికే.

నాకంటే ముందు ఒక పాత తాగుబోతు సాక్ష్యం చెప్పాడు. దేవదానం తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. ఆ తువ్వాలు తడి నాకూ కావాలనిపించింది.

లేచాను. కూర్చున్న చోటి నుంచి లేచి నిలబడేలోపు పాపాలన్నీ సంతలో ఎద్దుల్లా నా ముందు నడిచిపోయాయి. తాగుడంటే పిల్లనివ్వడు. ఆడవాళ్ళ ఊసెత్తితే గొడుగుతో పొడుస్తాడు. పేకాట అందామంటే ముక్కల పేర్లు రావు. చివరికి చిన్న దొంగతనం ఒకటి ఎంచుకున్నాను.

"నేనూ పాపినే. రెండేళ్ళ కిందట ఒక పుంజును దొంగిలించి తిన్నాను. ఎర్ర పుంజు. తోకలో ఒక తెల్ల ఈక. కుడికాలు కుంటి."

ఈ ఆనవాళ్ళు నా నోట్లోకి ఎలా వచ్చాయో అప్పుడు తెలియలేదు. సాలమ్మత్త అని మా సంఘంలో ఒక విధవరాలు ఉండేది. రెండేళ్ళుగా రోజూ తెల్లారగానే గడపలో నిలబడి, ఎదురింటి మరిది యేసోబు వైపు చూస్తూ, పోయిన పుంజును ఈక ఈకా వర్ణించి తిట్టేది. వినీ వినీ నాకది వాక్యంలాగే కంఠతా వచ్చేసింది.

దేవదానం తువ్వాలు కళ్ళ దగ్గరికి పోయింది. నేను మబ్బుల్లోకి పోయాను. అక్కడి నుంచే, దొంగిలించినదానికి నాలుగంతలు తిరిగి ఇచ్చేస్తానని ప్రకటించాను.

అప్పుడు ఆడవాళ్ళలోంచి సాలమ్మత్త లేచింది.

"కుంటిదేనా నాయనా?"

అవునన్నాను. ఇంకేమనగలను?

ఆమె మరిది వైపు తిరిగి బోరుమంది. "యేసోబూ, రెండేండ్లు నిన్ను తిడితి. నీ నోట్లో మన్ను పడాలంటి. తిన్నది ఈ అయివారప్ప."

యేసోబు తల వంచుకొని వచ్చి, వదినకు దండం పెట్టి, నన్ను కావలించుకున్నాడు. పక్కటెముకలు పటపటమన్నాయి. అంత గట్టిగా ఎందుకు పట్టుకున్నాడో అప్పుడు నాకు అర్థం కాలేదు.

బయట దేవదానం నన్ను పక్కకు పిలిచాడు. "కోడి ఒక్కటేనా అప్పా, ఇంకేమన్నా ఉండాయా?"

"ఒక్కటేనండీ."

"మారినావు, సంతోషం. అయినా ఆలోచన చేస్తా. మా ఇంట్లోనూ కోళ్ళుండాయి."

మరునాడు ఆలూరు సంతలో నా నెల జీతం నాలుగు పుంజులై కూసింది. సాలమ్మత్త ఒక్కొక్కదాని రొమ్ము నొక్కి చూసి పెదవి విరిచింది. "ఈకలు తీస్తే ఎముకే గదప్పా. నాది ఎంత బలిసినదో తిన్నోడివి, నీకు తెల్దా?" మధ్యాహ్నం రెండిళ్ళవాళ్ళూ కలిసి అందులో ఒకదాన్ని వండుకున్నారు. రెండేళ్ళ తర్వాత ఆ వీధి దాటిన మొదటి కూర అదే. పాపినైన నాకూ ఒక గిన్నె పంపారు. గిన్నె ముందు పెట్టుకొని లెక్కలు వేశాను. నిజం చెబితే రెండిళ్ళ మధ్య మళ్ళీ మంట. చెప్పకపోతే శాంతమ్మ దక్కదు. దక్కినా, జీవితాంతం ఆమె కోళ్ళు లెక్కపెట్టుకుంటూ ఉంటుంది.

మూడో రోజు మా సంఘం పాదిరి అయ్యగారి కాళ్ళ దగ్గర కూర్చొని అంతా చెప్పాను. ఆయన ముఖం తిప్పుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారనుకున్నాను. "పాపం లేదని బాధపడి పాపం చేసినావు సామేలూ. ఇట్లాంటిది నేను యాడా వినలేదు. పో, అందరి ముందరా చెప్పు," అన్నారు. నవ్వు ఆపుకోవడానికి ఆయన చాలా కష్టపడ్డారు.

చదివేవారు ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, పందిట్లోకి నడుస్తున్న ఆ సామేలు కోసం ప్రార్థించండి. జరిగి చాలా ఏళ్ళయింది కదా అనుకోవద్దు. దేవునికి ముందూ వెనకా లేదు.

"నేను ఏ పుంజునూ దొంగిలించలేదు. మీ కన్నీళ్ళ మీద ఆశపడి అబద్ధం చెప్పినాను," అన్నాను.

సాలమ్మత్త మెల్లగా, గానుగ తిరిగినట్టు, మరిది వైపు తిరిగింది.

యేసోబు లేచాడు. "అట్లా చూడొద్దు వదినా. నేనే తింటి. నిన్న నువ్వు పెట్టిన కూర ఇంకా గొంతులోనే ఉండాది."

నా పక్కటెముకలు అప్పుడు గుర్తుకొచ్చాయి.

"పుంజు పోయిన పొద్దే మీ పెంటదిబ్బలో తెల్ల ఈక చూస్తి," అంది సాలమ్మత్త. "మొన్న ఈయప్ప చెప్తే, నా కండ్లే మోసం చేసినాయనుకుంటి. నీ నోటితో చెప్తివి, నాకదే చాలు." కళ్ళు తుడుచుకుంది. "సరే, నువ్వూ నాలుగు తే."

పందిరంతా గొల్లుమంది. ఇదే అదననుకొని నేనూ మెల్లగా అడిగాను. "అత్తా, అట్లయితే నావి మిగిలిన మూడూ..."

"అవి అబద్ధానికి. దేవుని ముందర చెప్పిన అబద్ధం. తక్కువకే వదిలిపెడతాండా."

దేవదానం గొడుగు చంకన పెట్టుకొని వచ్చాడు. నేను నేల చూశాను.

"దొంగవి కాదని తెలిసె. అబద్ధం కూడా మూడు దినాలు మోయలేవని తెలిసె," అన్నాడు. "ఇంత చాతగానోడు మా పాపను ఏం మోసం చేస్తాడులే. ఇస్తాండా."

శాంతమ్మ మా ఇంటికి వచ్చింది. నాటి నుంచి నేటి వరకు మా వంటింట్లో ఏది కనబడకపోయినా, బెల్లం గడ్డ గాని, మామిడిపండు గాని, ఆమె వెతకదు. గుమ్మంలోకి వచ్చి, "సాక్ష్యం చెప్తావా, పందిరి వేయించాల్నా?" అని మాత్రం అడుగుతుంది.

కాబట్టి దేవుని ఎదుట, మీ ఎదుట, ఊళ్ళోని పుంజులన్నిటి ఎదుట నేను చేసే ప్రమాణం ఇది: చేయని పాపాన్ని ఇంకెన్నడూ ఒప్పుకోను. చేసినవి ఒప్పుకోవడానికే ఆయుష్షు చాలేట్టు లేదు. నిన్నటి బెల్లం గడ్డతో మొదలుపెడతాను. మీరూ నాతో కలిసి ఆమేన్ అనండి.